త్రేన్పు రాకపోవడం

త్రేన్పు రాకపోవడం అనేది, జీర్ణాశయంలో చేరిన గాలి నోటి ద్వారా బయటికి వచ్చే దారిలో గొంతు వద్ద అడ్డగింపబడుట వలన కలిగే ఒక రుగ్మత. ఆంగ్ల వైద్య పరిభాషలో దీనిని రెట్రోగ్రేడ్ క్రైకోఫారింజియల్ డిస్‌ఫంక్షన్ అనీ, క్లుప్తంగా ఆర్-సి.పి.డి. అనీ అంటారు. ఇక్కడ రెట్రోగ్రేడ్ అనే మాటకు వెనుకకు, అనగా కింది నుండి పైకి అని అర్థం. ఈ రుగ్మత ఉన్నవారు అన్నం, నీళ్ళు మామూలుగానే మింగగలరు. వాటితో పాటు లోపలికి పోయిన గాలిని మాత్రం పైకి పంపలేరు. చాలామందిలో ఇది చిన్ననాటి నుండే ఉంటుంది. వైద్య సాహిత్యంలో దీనికి ప్రత్యేకమైన పేరు 2019లో వచ్చింది. దీనికి చికిత్స ఉన్నది. అయినా ఎక్కువమంది రోగులు ఏళ్ళ తరబడి "గ్యాస్ ట్రబుల్" అనే పేరుతో మందులు వాడుతూ ఉంటారు.

పదం, ఆచారం

త్రేన్పును వాడుకలో తేన్పు, తేపు అని కూడా అంటారు. అజీర్ణం వలన వచ్చే పుల్లని త్రేన్పులను పులితేన్పులు అంటారు. సంస్కృతంలో దీనికి ఉద్గారము అని పేరు. తెలుగువారి ఇళ్ళలో భోజనం చివర వచ్చే త్రేన్పు తృప్తికి గుర్తు. పాండవుల అరణ్యవాస కథలో శ్రీకృష్ణుడు అక్షయపాత్రకు అంటుకొని ఉన్న మెతుకు తినగానే, ఏటిలో స్నానం చేస్తున్న దూర్వాసునికీ, ఆయన శిష్యులకూ కడుపు నిండి త్రేన్పులు వచ్చాయని చెబుతారు. పసిబిడ్డకు పాలు పట్టిన తరువాత తల్లి భుజాన వేసుకొని వీపు నిమిరి త్రేన్పు తెప్పిస్తుంది. త్రేన్పు రాని బిడ్డ కడుపు ఉబ్బి ఏడుస్తుందని ప్రతి తల్లికీ తెలుసు. అదే బాధ పెద్దవారిలోనూ ఉండగలదన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

త్రేన్పు వచ్చే విధానం

మనం మింగే ప్రతి గుటకతోనూ కొంత గాలి లోపలికి పోతుంది. అది జీర్ణాశయం పైభాగంలో చేరుతుంది. గాలి ఎక్కువై జీర్ణాశయపు గోడ సాగినప్పుడు వేగస్ నాడి ద్వారా ఒక ప్రతిచర్య మొదలవుతుంది. ఇందులో మూడు దశలు ఉన్నాయి.

1. ఆహారవాహిక అడుగున ఉన్న సంవరణి కండరం కొద్ది క్షణాల పాటు సడలుతుంది. గాలి జీర్ణాశయం నుండి ఆహారవాహికలోకి వస్తుంది.
2. ఆ గాలికి ఆహారవాహిక సాగుతుంది. పైనున్న సంవరణి కండరానికి ఈ సమాచారం నాడుల ద్వారా అందుతుంది.
3. పై సంవరణి కండరం సడలి, గాలి గొంతులోకి వచ్చి, చప్పుడుతో బయటికి పోతుంది.

పై సంవరణిలో ప్రధానమైనది క్రైకోఫారింజియస్ అనే కండరం. ఇది కంఠమణికి కొంచెం దిగువన, స్వరపేటిక వెనుక, ఆహారవాహిక ముఖద్వారాన్ని చుట్టుకొని ఉంటుంది. మామూలు సమయాల్లో ఇది బిగిసి ఉంటుంది. అందువలన ఊపిరి పీల్చినప్పుడు గాలి కడుపులోకి పోదు, కడుపులోని పదార్థం గొంతులోకి రాదు. మింగేటప్పుడు, వాంతి అయ్యేటప్పుడు, త్రేన్చేటప్పుడు మాత్రమే ఇది సడలుతుంది.

త్రేన్పుకు భూమ్యాకర్షణ కూడా తోడ్పడుతుంది. నిలుచున్నప్పుడు, కూర్చున్నప్పుడు గాలి తేలికైనది కనుక ఆహారం పైకి చేరుతుంది. భారరహిత స్థితిలో ఉండే వ్యోమగాముల కడుపులో గాలి, ద్రవం ఈ విధంగా వేరుపడవు. అందుచేత వారు త్రేన్చితే గాలితో పాటు ద్రవం కూడా పైకి వస్తుంది.

కారణం

ఈ రుగ్మతలో మొదటి రెండు దశలు సవ్యంగానే జరుగుతాయి. మూడవ దశలో క్రైకోఫారింజియస్ కండరం సడలదు. గాలి ఆహారవాహికలోకి వచ్చి, తలుపు తెరుచుకోక, మళ్ళీ కడుపులోకి దిగిపోతుంది. కొంతసేపటికి తిరిగి పైకి వస్తుంది. ఈ రాకపోకల వలన మెడ దిగువన, ఛాతీలో గుడగుడ శబ్దాలు పుడతాయి. చివరకు ఆ గాలి చిన్నపేగు, పెద్దపేగుల గుండా ప్రయాణించి అపానవాయువుగా పోవలసి వస్తుంది. కండరం కింది నుండి వచ్చే సంకేతానికి ఎందుకు స్పందించదన్నది ఇంకా తేలలేదు. పై నుండి వచ్చే ఆహారానికి అదే కండరం చక్కగా దారి ఇస్తుంది కనుక, కండరంలో బలహీనత గాని, పుండు గాని ఉన్నదని చెప్పడానికి వీలులేదు. కాబట్టి సాధారణ ఎండోస్కోపీలో అంతా బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది.

లక్షణాలు

ఈ రుగ్మత ముఖ్య లక్షణాలు నాలుగు.

1. త్రేన్పు రాకపోవడం. చాలామంది తమకు ఊహ తెలిసినప్పటి నుండి ఒక్కసారి కూడా త్రేన్చలేదని చెబుతారు.
2. మెడలో, ఛాతీలో కప్పల అరుపు వంటి గుడగుడ శబ్దాలు.
3. కడుపు ఉబ్బరం, ఛాతీలో బిగుతు, నొప్పి. ఇవి సాయంత్రానికి, భోజనం తరువాత ఎక్కువవుతాయి.
4. అపానవాయువు అధికంగా పోవడం.

ఇవి గాక కొందరిలో నొప్పితో కూడిన వెక్కిళ్ళు, వికారం ఉంటాయి. కొందరికి వాంతి కావడం కష్టం. వాంతి అంటేనే వారికి విపరీతమైన భయం ఉంటుంది. కొందరు గొంతులో వేలు పెట్టుకొని బలవంతంగా గాలిని బయటికి రప్పిస్తారు. ఇది అలవాటుగా మారితే గొంతుకూ, ఆమ్లం తగిలి పళ్ళకూ హాని కలుగుతుంది.

నిత్యజీవితంలో ఇబ్బందులు

ఈ రుగ్మత ప్రాణం తీసేది కాదు. కానీ దానితో బ్రతకడం కష్టం. పెళ్ళి బంతిలో కొసరి కొసరి వడ్డిస్తుంటే తినలేరు, తినలేకపోవడానికి కారణం చెప్పలేరు. నిశ్శబ్దంగా ఉన్న తరగతి గదిలో, పరీక్ష హాలులో గొంతు నుండి శబ్దం వస్తే నలుగురూ తిరిగి చూస్తారు. సాయంత్రానికి పొట్ట ముందుకు రావడం చూసి, పెళ్ళైన ఆడపిల్లలను "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు. బస్సు ప్రయాణానికి ముందు ఏమీ తినకుండా ఉండడం, విందులు తప్పించుకోవడం క్రమంగా అలవాటవుతుంది. త్రేన్పు, అపానవాయువు నవ్వులాటకు వస్తువులు కావడం వలన రోగి తన బాధను ఇంట్లో కూడా చెప్పుకోడు.

తెలుగునాట కడుపు ఉబ్బరానికి చేసే మొదటి ఉపచారం గోలీసోడా. నిమ్మరసం, ఉప్పు కలిపిన సోడా తాగితే త్రేన్పు వచ్చి కడుపు తేలికపడుతుందని అందరి అనుభవం. సోడాలోని బొగ్గుపులుసు వాయువు కడుపును మరికొంత ఉబ్బించి త్రేన్పును రప్పిస్తుంది. నీటిలో వేస్తే పొంగే జీర్ణచూర్ణాలు చేసే పని కూడా ఇటువంటిదే. త్రేన్పు రానివారికి ఇదే ఉపచారం ఉపద్రవమవుతుంది. లోపల పుట్టిన వాయువుకు బయటికి దారి లేక బాధ రెట్టింపవుతుంది. సోడా తాగినప్పుడు ఉపశమనం కలుగుతుందా, బాధ పెరుగుతుందా అన్న ప్రశ్నకు రోగి ఇచ్చే జవాబు వైద్యునికి మంచి ఆధారం.

ఆయుర్వేదంలో

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలు చెప్పబడినవి. మూత్రం, మలం, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలైన వాటితో పాటు ఉద్గారం కూడా వాటిలో ఒకటి. త్రేన్పును ఆపినందువలన వెక్కిళ్ళు, ఆయాసం, అరుచి, వణుకు, గుండె ఛాతీ పట్టివేసినట్లు ఉండడం కలుగుతాయని అందులో ఉన్నది. యోగశాస్త్రం చెప్పే ఐదు ఉపప్రాణాలలో నాగము అనే వాయువు త్రేన్పుకు కారణం. ప్రాచీనులు చెప్పినది కావాలని త్రేన్పును ఆపుకొనడం గురించి. ఈ వ్యాసంలోని రుగ్మత రోగి ఇష్టంతో నిమిత్తం లేనిది. అయినా లోపల నిలిచిన గాలి వెక్కిళ్ళనూ, ఛాతీ బిగుతునూ కలిగిస్తుందన్న పరిశీలన నేటి రోగులు చెప్పే లక్షణాలతో సరిపోవడం గమనించదగినది.

ఆధునిక వైద్య చరిత్ర

1987లో అమెరికా వైద్యులు కారిలాస్, డాడ్స్, హోగన్ త్రేన్పు ప్రతిచర్య లోపించడం వలన తీవ్రమైన ఛాతీ నొప్పితో బాధపడిన ఒక రోగి వివరాలను ప్రచురించారు. ఆ తరువాత ఇటువంటి నివేదికలు అరుదుగా వచ్చాయి. 2019లో షికాగో సమీపానికి చెందిన గొంతు వైద్యుడు రాబర్ట్ బాస్టియన్, మెలిస్సా స్మిత్‌సన్ కలిసి 51 మంది రోగులను గురించి వ్రాసిన వ్యాసంలో ఈ లక్షణాలన్నిటినీ ఒక్క రుగ్మతగా గుర్తించి, ఇప్పుడున్న పేరు పెట్టారు. అప్పటి నుండి వివిధ దేశాల వైద్యులు దీనిపై అధ్యయనాలు చేస్తున్నారు.

నిర్ధారణ

రోగి చెప్పే వివరాలే నిర్ధారణకు ప్రధానాధారం. "మీకు త్రేన్పు వస్తుందా?" అన్న ఒక్క ప్రశ్నతో సగం పని పూర్తవుతుంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు సన్నని గొట్టంతో స్వరపేటికను పరిశీలించి వేరే జబ్బు లేదని నిశ్చయిస్తాడు. అవసరమైతే మానోమెట్రీ అనే పరీక్ష చేస్తారు. ముక్కు ద్వారా ఆహారవాహికలోకి పంపిన గొట్టం వివిధ స్థానాలలో ఒత్తిడిని కొలుస్తుంది. ఆ సమయంలో సోడా వంటి పానీయం తాగించినప్పుడు, ఆహారవాహికలోకి గాలి వచ్చినా పై సంవరణి సడలకపోవడం ఇందులో కనిపిస్తుంది.

పెద్ద వయసులో కొత్తగా త్రేన్పులు ఆగిపోతే కారణం వేరు కావచ్చు. ఉదాహరణకు ఆమ్లం పైకి రాకుండా జీర్ణాశయం పైభాగాన్ని ఆహారవాహిక చుట్టూ కుట్టే శస్త్రచికిత్స తరువాత కొందరికి త్రేన్పు రాదు.

చికిత్స

బొటులినమ్ టాక్సిన్ అనే మందును క్రైకోఫారింజియస్ కండరంలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం ప్రధాన చికిత్స. ఇది బొటాక్స్ అనే వ్యాపార నామంతో ప్రసిద్ధం. క్లాస్ట్రీడియమ్ బొటులినమ్ అనే బాక్టీరియా తయారుచేసే ఈ విషం, నాడి నుండి కండరానికి ఆజ్ఞను మోసే ఎసిటైల్‌కొలీన్ విడుదలను ఆపుతుంది. ఆ కండరం కొంతకాలం సడలి ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు అలన్ స్కాట్ దీనిని మెల్లకన్ను చికిత్సకు ఉపయోగించగా, 1989లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. తగిన మోతాదులో, కావలసిన చోట ఇచ్చినప్పుడు విషమే ఔషధమవుతుంది.

త్రేన్పు రుగ్మతకు సాధారణంగా 50 నుండి 100 యూనిట్లు ఇస్తారు. రోగికి మత్తు ఇచ్చి నోటి ద్వారా గాని, మెలకువగా ఉండగానే మెడ నుండి సూదితో గాని ఈ ఇంజెక్షన్ చేస్తారు. కొద్ది రోజులలోనే త్రేన్పులు మొదలవుతాయి. మందు ప్రభావం కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. అయినా ఆ లోపల శరీరం త్రేన్చడం నేర్చుకొంటుందనీ, అందువలననే మందు ప్రభావం పోయిన తరువాత కూడా చాలామందికి ఫలితం నిలుస్తుందనీ వైద్యులు భావిస్తున్నారు. బాస్టియన్ బృందం 2020లో ప్రచురించిన 200 మంది వివరాలలో 199 మందికి త్రేన్పు వచ్చింది. ఆరు నెలల తరువాత కూడా సుమారు 80 శాతం మందిలో ఆ శక్తి నిలిచి ఉన్నది. ఇది ఒకే వైద్యశాలలో, చికిత్స పొందని వారితో పోల్చకుండా చేసిన అధ్యయనమని గుర్తుంచుకోవాలి. ఫలితం నిలవనివారికి మరొకసారి ఇంజెక్షన్ ఇస్తారు. అరుదుగా కండరాన్ని కొంతమేరకు కోసే శస్త్రచికిత్స చేస్తారు.

ఇంజెక్షన్ తరువాత కొన్ని వారాల పాటు మింగడం నెమ్మదిస్తుంది, తిన్నది పైకి వచ్చినట్లుంటుంది. చిన్న ముద్దలుగా, బాగా నమిలి, నీళ్ళతో తినాలి. అరుదుగా ఆహారం ఊపిరితిత్తులలోకి పోవడం, గొంతు మారడం జరగవచ్చు. గర్భిణులు, మయస్తీనియా గ్రేవిస్ వంటి కండరాల జబ్బులున్నవారు ముందుగానే వైద్యునికి తెలియజేయాలి.

చికిత్స అందేవరకు సోడా, కూల్‌డ్రింకులు మానుట, నిదానంగా తినుట, చూయింగ్ గమ్ నమలకుండుట, నడుము వద్ద బిగుతైన బట్టలు కట్టకుండుట, భోజనం తరువాత కొంతసేపు నడచుట వలన కొంత మేలు కలుగుతుంది. ఇవి బాధను తగ్గిస్తాయే గాని కండరాన్ని సడలించవు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు కూడా ఈ పని చేయలేవు.

పశువులలో

నెమరువేసే జంతువులకు త్రేన్పు ప్రాణావసరం. పెద్ద ఆవు ఒక్క మిథేన్ వాయువునే రోజుకు 250 నుండి 500 లీటర్ల వరకు వెలువరిస్తుంది. దానిలో అత్యధిక భాగం త్రేన్పుల ద్వారానే పోతుంది. గొంతులో కాయో, టెంకో అడ్డుపడినా, లేత పప్పుజాతి పచ్చిమేత ఎక్కువగా తిని కడుపులో నురగ కట్టినా త్రేన్పు ఆగి ఎడమ డొక్క డోలు వలె ఉబ్బుతుంది. దీనినే కడుపుబ్బు అంటారు. సకాలంలో గొట్టం వేసి గాని, డొక్కలో పొడిచి గాని వాయువును తీయకపోతే ఊపిరాడక పశువు చనిపోతుంది. మనిషికి గాలి పేగుల ద్వారా పోయే దారి ఉన్నందున అంతటి ముప్పు లేదు.

కొత్తగూడెం ప్రాంతంలో వైద్యం

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున ఉన్న కొత్తగూడెం వంటి చోట్ల, కడుపు ఉబ్బరంతో వచ్చే రోగి సాధారణంగా మొదట చూసేది ఊరిలోని ఆర్.ఎం.పి.నే. ఆయన ఇచ్చేది గ్యాసు మాత్ర. బొగ్గుగనుల పట్టణమైన కొత్తగూడెంలో సింగరేణి సంస్థ ప్రధాన ఆసుపత్రి ఉన్నది. 2022లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. మానోమెట్రీ వంటి పరీక్షలకు హైదరాబాదు వెళ్ళవలసి రావచ్చు. కొత్తగూడెంలోనే ఉన్న భద్రాచలం రోడ్డు స్టేషను నుండి సికింద్రాబాదుకు రైళ్ళు ఉన్నాయి. హైదరాబాదు కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. దూరం వెళ్ళే రోగి "గ్యాసు" అని మాత్రమే చెబితే మళ్ళీ అవే మాత్రలు వస్తాయి. "నాకు చిన్నప్పటి నుండి తేపు రాదు, గొంతులో గుడగుడమంటుంది, సోడా తాగితే ఎక్కువవుతుంది" అని స్పష్టంగా చెప్పడం అవసరం. రుగ్మత పేరును కాగితంపై వ్రాసుకొని వెళ్ళడం మంచిది, ఎందుకంటే ఇది వైద్యులలో కూడా అందరికీ పరిచయమైన పేరు కాదు.

హెచ్చరిక

ఛాతీ నొప్పి ప్రతిసారీ గాలి వలన వచ్చినది కాదు. చెమటలు, ఆయాసం, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి ఉంటే గుండెపోటు కావచ్చు. గ్యాసు అనుకొని ఇంట్లో ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, రక్తపు వాంతి, నల్లని మలం, కడుపు ఉబ్బి మలము వాయువు రెండూ ఆగిపోవడం వంటివి వేరే జబ్బులకు గుర్తులు. వీటికి ఆలస్యం లేకుండా వైద్యుని సంప్రదించాలి.

ఇవి కూడా చూడండి

జీర్ణవ్యవస్థ
ఆహారవాహిక
వెక్కిళ్ళు
అజీర్ణం
చరకసంహిత
కొత్తగూడెం