చేప నాడి చూడడం ఎలా?

గోల్డ్ ఫిష్ కొన్నవాడు మొదటి వారం వాటి అందం చూస్తాడు, రెండో వారం వాటి శవాలు చూస్తాడు. ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు, స్వానుభవం.

మా జంతుశాస్త్ర విభాగంలో అసోసియేషన్ ప్రారంభోత్సవానికని కొత్త ఆక్వేరియం పెట్టాం. మూడు ఒరాండాలు, రెండు బ్లాక్ మూర్లు. వాటి ఆలనాపాలనా నాకు అప్పగించారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మూడో రోజున చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరవసాగాయి. ఆకలి కాబోలనుకుని ఇంకో చిటికెడు మేత వేశాను. ఐదో రోజున ఒక ఒరాండా పోయింది. కంగారుపడి నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళూ, ఫిల్టరు స్పాంజీ కుళాయి కింద తోమి, ఆ కుళాయి నీళ్ళే నేరుగా నింపేశాను. తెల్లారేసరికి మరో రెండు పోయాయి. మా మాష్టారు తిట్టలేదు. "చేపల్ని చూశావు సరే, నీళ్ళని చూశావుటోయ్?" అన్నారు, అంతే. ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా నేర్చుకున్న జవాబే ఈ వ్యాసం.

చేప తన శరీరంలోని అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారానే నీళ్ళలోకి వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. చెరువులో దీన్ని బాక్టీరియా చూసుకుంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగానూ, మరో రకం ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా ఇంకా కాపురం పెట్టి ఉండదు. అవి చాలినంతగా పెరగడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా నీళ్ళు పైకి తేటగానే ఉంటాయి, లోపల విషం పేరుకుంటూ ఉంటుంది. అమ్మోనియాకు రంగు లేదు కదా!

ఈ బాక్టీరియా ఉండేది నీళ్ళలో కాదు, ముఖ్యంగా ఫిల్టరు స్పాంజీమీదా, రాళ్ళమీదా. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో నేను తోమి పారేసింది సరిగ్గా వాటినే. పైగా ఆ క్లోరిన్ చేపల మొప్పల్ని కూడా కాల్చింది.

వేసవి సంగతి ఇంకా కష్టం. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. వేడి పెరిగినకొద్దీ అమ్మోనియా విషమూ పెరుగుతుంది. నీటి పి.హెచ్. ఒక అంకె పెరిగితే ఆ విషరూపం దాదాపు 10 రెట్లవుతుంది.

ఇక చేపను చూద్దాం. గోల్డ్ ఫిష్ మన బొచ్చె, రాగండి చేపల కుటుంబానిదే. చైనాలో సుమారు వెయ్యేళ్ళుగా మనిషి ఏరి ఏరి పెంచగా ఈ వింత ఆకారాలు వచ్చాయి. అందుచేత ఏది జబ్బో ఏది జాతి లక్షణమో తెలుసుకోవాలి. ఒరాండా నెత్తిమీది బుడిపెల టోపీ పుండు కాదు. బ్లాక్ మూర్ కళ్ళు సహజంగానే ఉబ్బుగా పెరిగేవి. రాంచూకు వీపు రెక్క ఉండనే ఉండదు. పొట్టి శరీరం వల్ల ఇవి కాస్త ఊగుతూ ఈదడం సహజం. గుడ్లు పెట్టే కాలంలో మగచేప మొప్పల మూతలమీద తెల్లని చుక్కలు వస్తాయి, అదీ జబ్బు కాదు. అలాకాక ఒంటినిండా, రెక్కలనిండా ఉప్పు చల్లినట్టు చుక్కలు వచ్చి, చేప రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటూ ఉంటే అది తెల్లమచ్చల వ్యాధి.

ఆరోగ్యంగా ఉన్న చేప రెక్కలు విప్పుకుని తిరుగుతుంది, అడుగున రాళ్ళు కెలుకుతుంది, మేత వేయగానే పరుగెత్తుకొస్తుంది. రెక్కలు ఒంటికి అంటించుకుని మూలన పడి ఉన్నా, మొప్పల మూతలు గబగబా కొట్టుకుంటున్నా, తోకలో ఎర్రని నరాల్లాంటి చారలు కనిపించినా ప్రమాదమే. పొలుసులు నిక్కబొడుచుకుని ఒళ్ళంతా ఉబ్బితే లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టు. దాన్ని బతికించడం కష్టం.

అన్నిటికన్నా ఉపయోగపడే సూత్రం ఒకటుంది. ఒక్క చేపే నలతగా ఉంటే ముందు ఆ చేపను అనుమానించండి. అన్నీ ఒకేసారి నలతపడితే ముందు నీళ్ళను అనుమానించండి. నా తొట్టెలో అయిదూ ఒకేసారి నోళ్ళు తెరిచాయి. అవి ఆకలని చెప్పలేదు, ఊపిరాడటం లేదని చెప్పాయి. నేను వినిపించుకోలేదు.

అప్పుడు చేయవలసిందేమిటి? చుక్కల మందుతో నీటిని పరీక్షించే కిట్లు దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి. లేకపోతే ఆ రోజు మేత మానేయండి. ఒకటి రెండు రోజుల ఉపవాసం చేపకు ఏమీ చేయదు. నీళ్ళన్నీ కాక నాలుగో వంతో, మూడో వంతో మార్చండి, అవసరమైతే రోజూ మార్చండి. కొత్త నీళ్ళలో క్లోరిన్ పోవడానికి హైపో వేయాలి. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోయే ఇది. గాలి బుడగల మోటారు ఆపకండి. స్పాంజీని తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండండి. నైట్రైటు కనిపిస్తే లీటరుకు 1 గ్రాము ఉప్పు కలపడం మంచిది; ఉప్పులోని క్లోరైడు దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. జబ్బేదో తేలకుండా మందులు మాత్రం పోయకండి.

కొత్తగా పెట్టేవారు ఒక్కో చేపకు 40 లీటర్ల నీళ్ళయినా ఉండేలా చూసుకోవాలి. పాత తొట్టె ఉన్న మిత్రుణ్ణి అడిగి వాడిన స్పాంజీ ముక్క తెచ్చుకుంటే బాక్టీరియా తొందరగా పెరుగుతుంది. మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

మా తొట్టెలో బ్లాక్ మూర్లు రెండూ బతికాయి. విభాగంలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ వాటిని చూసి ముచ్చటపడుతుంటారు. వారితో నేను చెప్పేదొకటే: చేపలు తర్వాత కొనండి, ముందు నీళ్ళు పెంచండి.