తోట కట్టెలకు చేతి గొడ్డలి: ఎన్నిక, పదును, వాడుక

మామిడికి పేరుగాంచిన నూజివీడు ప్రాంతములో వంటచెరకునకు కొదవ లేదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము మొదలైన చోట్ల కాయకోత ముగిసిన పిదప ఎండుకొమ్మలు, బదనిక పట్టిన కొమ్మలు, గాలికి విరిగిన రెమ్మలు ఏటేట తోటలలో కుప్పలుగా పడుచుండును. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్వల పథకము వచ్చిన తరువాత గ్రామములలో గ్యాసు పొయ్యిలు పెరిగినవి. అయినను స్నానమునకు నీళ్లు కాచుటకు, పెండ్లి వంటలకు, పశువుల ఉలవలు ఉడికించుటకు నేటికిని అనేక గృహములలో కట్టెలే ఆధారము. ఈ పనియంతయు చేయునది ఇంటి చూరులో దోపియుంచిన చిన్న గొడ్డలి. ఎద్దులకు, ఇంజనుకు చూపు శ్రద్ధలో పదవవంతైనను దీనికి చూపువారు అరుదు.

పదునులేని గొడ్డలి వలన కలుగు నష్టములు మూడు. ఒకటి, పది దెబ్బల పనికి ముప్పది దెబ్బలు పట్టును. రెండు, పదును గల అంచు కర్రలో దిగి నిలుచును; పదునులేని అంచు కర్రపై జారి కాలిమీదికి వచ్చును. మూడవది రైతు గమనింపనిది. అట్టి గొడ్డలితో తోటలో చెట్టు కొమ్మలు నరికినచో కర్ర నలిగి, బెరడు చీలి, తరములపాటు కాయవలసిన చెట్టు మానునకే ముప్పు వచ్చును. కావున ఈ చిన్న పనిముట్టును గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట ప్రతి రైతునకు అవసరము.

గొడ్డలిని ఎన్నుకొనుట

ఇంటి కట్టెలకు తల 600 మొదలు 900 గ్రాముల బరువు, కామ 40 మొదలు 50 సెంటీమీటర్ల పొడవు గల గొడ్డలి చాలును. ఇంతకంటె బరువైనచో ఒంటిచేతితో ఆడించుట కష్టము. ముంజేతి లావునకు మించిన దుంగలకు పెద్ద గొడ్డలి, ఇనుప చీలలు వేరుగా ఉండవలెను. చిన్న గొడ్డలితో పెద్ద దుంగను చీల్చబూనుట, అది ఇరుక్కొన్నపుడు దాని వెనుకభాగమును సమ్మెటతో బాదుట తగదు. అట్లు బాదినచో కామ దూరు కన్నము పగులును.

ఉక్కు పనితనమునకు మన తెలుగుదేశము పూర్వమే ప్రసిద్ధి చెందినది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో తయారైన ఉక్కు కత్తుల తయారీకై దూరదేశములకు పోయెడిది. నేడు మన గ్రామ కమ్మరులు పలువురు పాత లారీ కమాను పట్టీలతో గొడ్డళ్లు చేయుచున్నారు. ఆ ఉక్కు మంచిదే. అయితే ఉక్కు మంచిదైనంత మాత్రమున గొడ్డలి మంచిది కాదు. పదును పట్టించుటలోనే దాని గుణమంతయు ఉన్నది. కమ్మరి అంచును ఎర్రగా కాల్చి, ఒక అంగుళము మేర మాత్రము చల్లార్చి, రాతితో రుద్ది తెల్లగా చేసినచో వెనుకనున్న వేడి మెల్లగా అంచునకు ప్రాకును. అప్పుడు ఆ తెల్లని భాగముపై మొదట లేత పసుపు, తరువాత గోధుమ రంగు, పిదప వంకాయ రంగు, చివరకు నీలము కనబడును. గోధుమ రంగు వంకాయ రంగునకు తిరుగు సమయమున మరల చల్లార్చిన అంచు గొడ్డలికి తగినది. లేత పసుపులో ఆపినచో అంచు పెళుసై పెచ్చులూడును. నీలము దాటినచో మెత్తనై మడతపడును.

కొనునపుడు ఈ పరీక్షలు చేయవచ్చును. తలను దారముతో వ్రేలాడదీసి చిన్న మేకుతో తట్టవలెను. గంటవలె మ్రోగినచో మంచిది. బొంగురుగా పలికినచో ఎక్కడో పగులున్నదన్నమాట. తరువాత ఆకురాయిని అంచుపై ఒకసారి నడుపవలెను. ఆకురాయి గాజుపైవలె జారిపోయినచో ఉక్కు మితిమించిన గట్టిది. మేకును కోసినట్లు సులభముగా కోసినచో మెత్తనిది. కొంచెము బిగువుగా పట్టి కోసినచో సరియైనది. రంగు పూసిన తలను కొనునపుడు కన్నము చుట్టును గీరి చూచుట మంచిది. రంగు క్రింద పగులు దాగియుండవచ్చును.

కామ

కామకు తుమ్మ, చిరుమాను, తడ కర్రలు శ్రేష్ఠము. ఇవి దెబ్బ అదురునకు తట్టుకొనును. మామిడి కర్ర కామకు పనికిరాదు. కర్ర పోగు కామ పొడవునా తిన్నగా సాగవలెను. మధ్యలో పక్కకు తప్పుకొన్న పోగు గల కామ ఆ చోటనే విరుగును. కణుపులు ఉండరాదు. కర్రను చెక్కుటకు ముందు నీడలో పూర్తిగా ఆరనీయవలెను. పచ్చికర్రతో వేసిన కామ నెల తిరుగకుండనే కుంచించుకొని తల వదులగును.

తలను ఎక్కించిన పిదప కామను తిరుగవేసి, చివరనుండి అంచును చూడవలెను. అంచు గీత కామ నడిమి గీతతో కలియవలెను. ప్రక్కకు తిరిగియున్నచో దెబ్బ ఎంత సూటిగా వేసినను వంకరగానే పడును. ఎండకాలములో తల వదులైనపుడు గొడ్డలిని నీటిలో నానబెట్టుట మనలో వాడుక. అది ఆ పూటకే పనిచేయును. నానిన కర్ర కన్నములో ఉబ్బి నలిగి, ఆరిన తరువాత మునుపటికంటె వదులగును. ఎండిన గట్టికర్ర చీలను కొత్తగా దిగగొట్టుటయే సరియైన మార్గము. కామకు ఏడాదికి రెండుసార్లు అవిసెనూనె పట్టించినచో పగుళ్లు రావు. తల కదలుచున్న గొడ్డలితో ఒక్క దెబ్బయు వేయరాదు.

పదును పెట్టుట

కట్టెలు చీల్చు గొడ్డలికి అంచు రెండు పక్కలు కలిసి సుమారు 30 డిగ్రీల కోణముండవలెను. దీనికి పరికరమక్కరలేదు. చతురముగా ఉన్న అట్టముక్క మూలను మూడు సమభాగములుగా గుర్తించి, ఒక భాగమంత సందును కత్తిరించవలెను. ఆ సందులో అంచు సరిగా ఇమిడినచో కోణము సరిపోయినట్లే. ఇంతకంటె పలుచనైన అంచు లేతకొమ్మలను చక్కగా నరుకును గాని తుమ్మ కణుపు తగిలినపుడు పెచ్చులూడును. మరీ మందమైనచో కర్రలో దిగదు.

గొడ్డలిని మొద్దుపై కదలకుండ బిగించి, 8 లేక 10 అంగుళముల చదునైన ఆకురాయితో పనిచేయవలెను. ఆకురాయికి పిడి తప్పక ఉండవలెను. చేతికి దళసరి గుడ్డ చుట్టుకొనవలెను. ఆకురాయి ముందుకు నెట్టునపుడే కోయును. వెనుకకు తీయునపుడు పైకెత్తవలెను. వెనుకకు ఈడ్చినచో దాని పండ్లు అరుగును. ఒక పక్క రాయగా రాయగా రెండవ పక్క అంచున వేలికి తగులునట్లు సన్నని రేకు లేచును. అప్పుడు తిప్పి, రెండవ పక్క అన్ని సార్లే రాయవలెను. తరువాత తడిపిన సానరాయిని చిన్న చిన్న గుండ్రములుగా త్రిప్పుచు రెండు పక్కల నూరినచో ఆ రేకు రాలిపోయి అంచు నునుపగును. వేలిని అంచు వెంబడి నడిపి పదును చూడరాదు. పలుచని ఎండుపుల్లను చెక్కి చూచిన చాలును.

కరెంటు సానచక్రముపై పెట్టువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. చక్రముపై అంచు వేడెక్కి నీలము తిరిగినచో కమ్మరి పట్టించిన పదును అచ్చట పోయినట్లే. ఒకటి రెండు క్షణములు తాకించి వెంటనే నీటిలో ముంచుచుండవలెను. అంచుపై తడి ఆరుచున్నదనగానే ఆపవలెను.

గోటితో పోవుదానిని గొడ్డలిదాకా తెచ్చుకొనరాదను సామెత మొదట గొడ్డలికే వర్తించును. కట్టెలు కొట్టిన ప్రతిసారి సానరాతితో నాలుగు గుండ్రములు నూరినచో ఆకురాయి అవసరము అరుదుగా వచ్చును. పెద్ద పెచ్చు ఊడిన తరువాత దానిని సరిచేయుటకు అంచంతయు అరగదీయవలసి వచ్చును.

కట్టెలు కొట్టు పద్ధతి

కట్టెను నేలపై పెట్టి కొట్టరాదు. మట్టి, గులకరాళ్లు తగిలి అంచు ఒక్క దెబ్బతో చెడును. వెడల్పైన అడుగుమొద్దు కావలెను. చీల్చవలసిన కట్టెను మొద్దుపై మనకు దూరపు అంచున నిలుపవలెను. దెబ్బ కొంచెము తక్కువబడినను గొడ్డలి మొద్దులో దిగును గాని కాలివైపు రాదు. చిన్న గొడ్డలి ప్రమాదము లేనిదని తలచుట పొరపాటు. పెద్ద గొడ్డలి తప్పినపుడు తరచు నేలకు తగులును. చిన్నదాని కామ పొట్టిది; తప్పిన దెబ్బ మోకాలివైపు, ముంగాలివైపు తిరుగును.

చితుకులు చీల్చునపుడు ఎడమచేతితో కట్టెను పట్టుకొని కొట్టుట వలననే వ్రేళ్లు తెగుచున్నవి. దీనికి తేలికైన ఉపాయమున్నది. కట్టెను, గొడ్డలిని రెండు చేతులతో వేరువేరుగా పట్టి, అంచును కట్టె కొనకు ఆనించి, రెంటిని కలిపియే ఎత్తి, కలిపియే మొద్దుపై దించవలెను. అంచు కొంచెము దిగిన తరువాత కట్టెను వదలి కొట్టవచ్చును. ఇంట స్త్రీలు, వృద్ధులు ఈ పద్ధతి నేర్చుకొనుట మేలు.

కొమ్మను అడ్డముగా నరుకునపుడు పోగునకు నిలువుగా కొట్టిన దెబ్బ దిగదు. కుడి ఎడమల నుండి ఏటవాలుగా కొట్టినచో పెచ్చులు లేచి కోత త్వరగా సాగును. పంగకర్రను చీల్చునపుడు రెండు కొమ్మల నడిమిగుండా పోవు గీతపై కొట్టవలెను. తుమ్మను పచ్చిగా ఉన్నపుడే చీల్చవలెను. ఆరిన తరువాత అది రాతితో సమానము. పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను.

గాయమైనచో పసుపు, కాఫీపొడి, మట్టి వంటివి పెట్టక, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, ఆ అవయవమును ఎత్తియుంచి వైద్యశాలకు చేర్చవలెను. ధనుర్వాతపు టీకా విషయము డాక్టరుకు జ్ఞాపకము చేయవలెను.

చెట్టుపై గొడ్డలి వలదు

ఇదియే రైతు సోదరులు ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది. గొడ్డలి పడిపోయిన కట్టెకే గాని బ్రతికియున్న కొమ్మకు కాదు. తోటలలో తరచు కనబడు దృశ్యమేమనగా, కొమ్మను పైనుండి నాలుగు దెబ్బలు కొట్టుదురు. అది తన బరువునకు విరిగి, మానుపై బెరడును మూరెడు మేర చీల్చుకొనిపోవును. ఆ గాయములో నీరు నిలిచి కుళ్లు ప్రవేశించును. కాండము తొలుచు పురుగు పెంకుపురుగులు గుడ్లు పెట్టుటకు అట్టి చోట్లనే వెదకును.

కొమ్మలు తీయుటకు రంపమే సాధనము. కోత ముగిసిన వెంటనే జూన్, జూలై మాసములలో ఈ పని చేయవలెను. లావుకొమ్మను మూడు కోతలతో తీయవలెను. మానుకు అడుగు దూరములో క్రిందివైపునుండి మూడవవంతు మందము మొదటి కోత. దానికి కొంచెము బయటగా పైనుండి రెండవ కోత. కొమ్మ బెరడు చీల్చక పడిపోవును. మిగిలిన మోడును మానువద్ద ఉబ్బెత్తు పట్టీకి వెలుపల మూడవ కోతతో తీయవలెను. బదనికను లాగివేసిన చాలదు. అది అతుకుకొన్న చోటికి మాను వైపున కొమ్మను కోయవలెను.

గాయములకు బోర్డో ముద్ద పూయవలెను. 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము వేరువేరుగా నీటిలో కలిపి, మొత్తము 10 లీటర్లగునట్లు రెంటిని ఒకటిగా కలుపవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మెరుగుపెట్టిన కొడవలి కొనను అందులో కొంతసేపు ముంచినపుడు రాగి పొర అంటినచో మరికొంత సున్నము కలుపవలెను.

పురుగు తొలిచిన కొమ్మలను దుంగలుగా తోటలోనే వదలరాదు. తొలకరి వానలతో పెంకుపురుగులు వెలువడి మరల చెట్లను చేరును. అట్టి కట్టెను ముందుగా చీల్చి, లోపలి పురుగులను చంపి, మొదట ఆ కట్టెనే కాల్చవలెను.

పనస మొద్దు మాత్రము పొయ్యిపాలు చేయరాదు. నూజివీడులో వీణలు పనసకర్రతోనే చేయుదురు. మంచి మానుకు కొనువారు దొరకుదురు. ఏ చెట్టునైనను మొదలంట కొట్టవలసివచ్చినచో 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము అనుమతి విషయమును గ్రామాధికారులవద్ద ముందుగా తెలిసికొనవలెను.

ఆరబెట్టుట

పచ్చికట్టె బరువులో సుమారు సగము నీరే. పచ్చిది కాల్చినచో వేడిలో పెద్దభాగము ఆ నీటిని ఆవిరిచేయుటకే పోయి, పొగ గృహిణి కన్నులకు, ఊపిరితిత్తులకు చేటు చేయును. చీల్చిన పేళ్లను రెండు దుంగలపై నేలకు తగులకుండ పేర్చి, పైన మాత్రము కప్పి, పక్కలు గాలికి విడువవలెను. చెదల భయముచే ఇంటిగోడకు ఆనించరాదు. ఒక పేడుపై గుర్తుపెట్టి పదునైదు రోజులకొకసారి తూచి చూడవలెను. బరువు తగ్గుట ఆగినపుడు కట్టె ఆరినట్లు.

పని ముగిసిన పిదప గొడ్డలికి అంటిన మామిడి సొనను తుడిచి, నూనెగుడ్డతో రుద్ది, అంచునకు పాత టైరుముక్క తొడిగి, పిల్లలకు అందనిచోట ఉంచవలెను. ఈ పనులకు ఖర్చు స్వల్పము; ఆకురాయి, సానరాయి ఊరిలో నలుగురు కలిసి కొనుక్కొనవచ్చును. గ్రామాధికారులు కోతల అనంతరము రైతు సేవా కేంద్రమువద్ద ఒక పూట కమ్మరిని కూర్చుండబెట్టి, రైతుల గొడ్డళ్లకు పదును పెట్టించి చూపినచో ఊరంతటికి ఉపకారమగును. కొమ్మకు రంపము, కట్టెకు పదునైన గొడ్డలి అను నియమము పాటించిన ఇంట చేతులును, తోటలో చెట్లును క్షేమముగా ఉండును.