పిల్లికి పది నిమిషాల పండగ, తేనెటీగకు నెలల విందు

పెంపుడు జంతువుల దుకాణాల్లో క్యాట్‌నిప్ పేరుతో చిన్న పొట్లాలు అమ్ముతారు. అందులో ఉండేది ఎండబెట్టిన ఆకు. మొక్క మన తులసి, పుదీనాల కుటుంబానిదే. యూరప్, మధ్య ఆసియా దాని పుట్టిళ్లు. అక్కడి నుంచి అమెరికా పెరళ్లకు చేరింది. ఆ ఆకు మీద పిల్లి పొర్లాడుతుంటే ఇంట్లోవాళ్లకు కంగారు కలగడం సహజమే. వచ్చే సందేహాలను ఒక్కొక్కటిగా తీర్చుకుందాం.

ఇది మత్తు మందా? కాదు. ఆకులోని నెపెటలాక్టోన్ అనే సుగంధ పదార్థం ముక్కుకు తగలగానే పిల్లి ఒంట్లో ఎండార్ఫిన్ పెరుగుతుంది. నొప్పి తగ్గించి హాయినివ్వడానికి శరీరం తానే తయారుచేసుకునే పదార్థం అది. ఈ హాయి ఉండేది 5 నుంచి 15 నిమిషాలు, అంటే పొయ్యి మీద పాలు పొంగేంత సేపు. ఆ తర్వాత గంటసేపు అదే ఆకు మళ్లీ చూపినా పిల్లి పెద్దగా పట్టించుకోదు. అలవాటుపడి దానికోసం అల్లాడిపోదు.

మా పిల్లి వాసన చూసి వెళ్లిపోయింది, దానికేమైనా జబ్బా? జబ్బేమీ లేదు. ఈ స్పందన వంశపారంపర్యం. మూడు పిల్లులుంటే సుమారుగా రెండే స్పందిస్తాయి. మూడు నెలలు నిండని కూనలైతే సాధారణంగా పట్టించుకోవు. జపాన్‌లో పిల్లుల్ని ఇలాగే పొర్లించే మటటాబి అనే తీగ ఉంది. 2017లో వంద పిల్లులతో చేసిన పరిశీలనలో, క్యాట్‌నిప్‌కు కదలని ప్రతి నాలుగింటిలో మూడు మటటాబికి స్పందించాయి.

ఇంతకీ ఎందుకు పొర్లుతుంది? జపాన్‌లోని ఇవాతె విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో దీనికి జవాబిచ్చారు. మటటాబిలో ఉండే, నెపెటలాక్టోన్ లాంటి పదార్థం పూసిన పిల్లుల మీద వాలిన దోమలు దాదాపు సగానికి తగ్గాయి. మనం చేతులకు దోమల మందు రాసుకున్నట్టే పిల్లి ఆకును ఒంటికి రాసుకుంటోందన్నమాట. మరి కొరికి నలపడం దేనికి? అదీ ఉత్తపుణ్యానికి కాదు. 2022లో అదే బృందం చూసినప్పుడు, నలిగిన క్యాట్‌నిప్ ఆకు నుంచి వెలువడే వాసన సుమారు 20 రెట్లు పెరిగింది. ఒక అగరువత్తి వెలిగించిన గదిలో ఇరవై వెలిగించినట్టు.

దోమల్ని తరిమే మొక్క దగ్గరికి తేనెటీగలు ఎలా వస్తాయి? దోమల్ని తరిమే ఆ సుగంధ నూనె ఎక్కువగా ఉండేది ఆకుల మీది సూక్ష్మమైన తిత్తుల్లో. ఆకు నలిగితేనే అది గుప్పుమంటుంది. తేనెటీగ ఆకు జోలికి పోదు, నేరుగా పువ్వు మీద వాలుతుంది. ఊదా చుక్కలున్న ఆ తెల్లని చిన్న పువ్వుల్లో మకరందం ఉంటుంది. చలి దేశాల్లో వేసవి నుంచి శరత్తు దాకా పూత సాగుతుంది కాబట్టి తేనెటీగలకూ బంబుల్‌బీలకూ సీతాకోకచిలుకలకూ నెలల తరబడి విందే. అందుకే పిల్లి లేని ఇంట్లో కూడా ఈ మొక్కకు చోటివ్వడం మేలు.

మన దగ్గర ఇలాంటిది లేదా? ఉంది. గోడల పక్కన, చెత్తకుప్పల దగ్గర తనంతట తానే మొలిచే కుప్పింటాకు మొక్కే. దాని వేరు బయటపడితే పిల్లులు వచ్చి రుద్దుకుంటాయి. తమిళంలో దానికి 'పూనై వణంగి', అంటే పిల్లి మొక్కే మొక్క, అనే పేరుంది. ఆ వేరులో నెపెటలాక్టోన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థం ఉన్నట్టు రసాయన పరీక్షల్లోనూ తేలింది.

ఎంత ఇవ్వాలి? ఎండు ఆకు ఒక చిటికెడు చాలు. ఎక్కువ తింటే వాంతులు, విరేచనాలు కావచ్చు. గాలి తగిలితే వాసన పోతుంది కనుక పోపు దినుసుల్లాగే మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. కుండీలో పెంచుతుంటే మధ్యాహ్నపు ఎండ నుంచి కాస్త నీడ ఇవ్వండి. ఆకులు ఎన్ని తుంచినా, కొన్ని కొమ్మల్ని పూతకు వదిలేయండి. పిల్లి పండగ పది నిమిషాల్లో ముగిసినా, తేనెటీగల వంతు అలాగే ఉంటుంది.