కీబోర్డు కలవనంటోందా? అటక ఎక్కించే ముందు...

ట్యాబు అద్దం మీద వేలితో తడుతూ పాఠం చదవొచ్చు, వీడియో చూడొచ్చు, ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు జవాబులు గుర్తించొచ్చు. కానీ టైపు మాత్రం నేర్చుకోలేం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షలో టైపింగ్ టెస్టు నెగ్గాలంటే ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు కొట్టాలి. రైల్వేలో జూనియర్ క్లర్క్ కమ్ టైపిస్టు పోస్టుకైతే 30 మాటలు. అద్దం మీద రెండు బొటనవేళ్లతో అలవాటుపడిన చేయి అక్కడ అసలు కీబోర్డు ముందు తెల్లబోతుంది. బయట ఇన్‌స్టిట్యూట్‌కు నెలనెలా ఫీజు కట్టే స్తోమత మనలో ఎంతమందికి ఉంది? అందుకే ట్యాబుకు కలిపే చిన్న కీబోర్డు ఒకటి హాస్టల్లో ఉంటే, రాత్రి స్టడీ అవర్ అయ్యాక వంతులవారీగా పదిమంది దాని మీద చేయి తిప్పుకుంటారు.

ఆ కీబోర్డే ఒకరోజు హఠాత్తుగా కలవడం మానేస్తుంది. ‘ఇది పోయిందిరా’ అంటారొకరు. ‘బోర్డు కాలిపోయుంటుంది’ అంటారు ఇంకొకరు, మూత కూడా తియ్యకుండానే! మర్నాటికి అది స్టోరు రూములో పాత బకెట్ల పక్కన చేరుతుంది. అలా మూలపడినవాటిని మేము ఒక్కొక్కటే తీసి చూస్తూ వచ్చాం. నిజంగా చెడిపోయినవి తక్కువే. మిగిలినవాటి జబ్బు ఏమిటో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేకపోయింది.

‘కలవడం లేదు’ అన్న ఒక్క మాట వెనుక వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. లోపల చార్జి లేకపోవచ్చు. ఇంకొక పరికరంతో కలిసి ఉండవచ్చు. పాత జత తాలూకు జ్ఞాపకం పాడై ఉండవచ్చు. లేదా చక్కగా కలిసే ఉండి, అక్షరం మాత్రం తెరమీద పడకపోవచ్చు. ట్యూబులైటు వెలగనప్పుడు మనం ఏం చేస్తాం? ముందు స్టార్టరు మార్చి చూస్తాం, తర్వాత ట్యూబు మార్చి చూస్తాం. రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది పోయిందో తెలియదు. ఇక్కడా అంతే. అదే కీబోర్డును ఒక ఫోనుకు కలిపి చూడండి. అక్కడ పనిచేస్తే తప్పు ట్యాబు వైపు ఉంది. అక్కడా పనిచేయకపోతే కీబోర్డు వైపు ఉంది. సగం పని దీంతోనే తేలుతుంది.

అంతకంటే ముందు కీబోర్డును తిరగేసి, అది ఏ జాతిదో చూడాలి. బ్లూటూత్ గుర్తు ఉంటే ఒక సంగతి. గుర్తు లేకుండా ‘2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్’ అని మాత్రమే ఉంటే అది బ్లూటూత్ కాదు. దానికి గోరంత యూఎస్‌బీ ముక్క ఒకటి ఉంటుంది, డాంగిల్ అంటారు. ఆ ముక్క ట్యాబుకు పెడితేనే పని. ట్యాబులో బ్లూటూత్ ఆన్ చేసి రాత్రంతా వెతికినా దాని పేరు కనబడదు. డాంగిల్ లేదని కంగారు పడకండి, చాలా కీబోర్డుల్లో దాన్ని సెల్లులు వేసే అరలోనే ఒక మూల దాచి ఉంచుతారు. కీబోర్డు, మౌస్ సెట్టుగా వస్తే మౌస్ కడుపులో ఉంటుంది. మౌస్ పోయిందని పారేసినవాళ్లు డాంగిల్‌ను కూడా పారేసినట్లే!

ఇక బ్లూటూత్ రకం. తిప్పలన్నీ దీనితోనే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మొదట దీపం చూడండి. స్విచ్ ఆన్ చేయగానే చిన్న దీపం వెలగాలి. వెలగకపోతే సెల్లు మార్చాలి లేదా చార్జింగ్ పెట్టాలి. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు. తిరిగి చార్జి చేసుకునే నికెల్ సెల్లు 1.2 వోల్టులే. అందుకని రెండో రకం వేస్తే కొన్ని కీబోర్డులు చార్జి ఉండగానే ‘అయిపోయింది’ అని చూపిస్తాయి. పాత సెల్లు ఒకటి, కొత్త సెల్లు ఒకటి కలిపి వేయవద్దు. ఇంకో సంగతి: కాసేపు ఎవరూ ముట్టకపోతే కీబోర్డు నిద్రపోతుంది. మొదటి బటన్ నొక్కగానే అక్షరం పడకపోతే అది లేచే సమయం అనుకోవాలి. ఒకటి రెండు క్షణాలు ఆగితే సరిపోతుంది.

దీపం వెలుగుతోంది, పేరు కూడా కనిపిస్తోంది, కానీ నొక్కితే ‘కనెక్ట్ కాలేదు’ అంటోంది. హాస్టల్లో దీనికి మొదటి కారణం పక్క గదిలో ఉంటుంది. మామూలు కీబోర్డు ఒకసారి ఒక్క పరికరానికే అక్షరాలు పంపుతుంది. నిన్న రాత్రి ఎవరో దాన్ని తమ ఫోనుకు కలుపుకున్నారనుకోండి. ఈ పరికరాల బ్లూటూత్ మామూలుగా 10 మీటర్ల దాకా అందుతుంది, మధ్యలో గోడ ఉంటే కొంత తగ్గుతుంది. మీరు ఇక్కడ స్విచ్ వేయగానే అది నిన్నటి చుట్టాన్ని వెతుక్కుంటూ పోయి అక్కడ కలుస్తుంది. మీరు ఇక్కడ ‘ఎ ఎస్ డి ఎఫ్’ కొడుతుంటే అక్కడ ఎవరి వాట్సాప్‌లోనో అక్షరాలు పడుతుంటాయి! కాబట్టి ముందు చుట్టుపక్కల ఫోన్లు, ట్యాబులు అన్నింటిలో బ్లూటూత్ ఆపించి, అప్పుడు ప్రయత్నించండి. ఒకే కంపెనీ కీబోర్డులు రెండున్నచోట ఇంకో చిక్కు. రెండింటి పేరూ ఒకటే కనబడుతుంది. వెనక మార్కరుతో 1, 2 అని అంకె వేసి, ట్యాబు సెట్టింగుల్లో కూడా పేరు మార్చి అదే అంకె పెట్టుకుంటే తగాదా ఉండదు.

లాజిటెక్ కె380 లాంటి కీబోర్డుల్లో మూడు పరికరాలకు మూడు బటన్లు ఉంటాయి. 1 నొక్కితే ఒకరితో, 2 నొక్కితే ఇంకొకరితో మాట్లాడుతుంది. పొరపాటున 2 తగిలితే మొదటి ట్యాబుకు అది లేనట్టే. ఈ సదుపాయం మనలాంటి చోట ఎంతో ఉపయోగం. ఏ అంకె ఎవరిదో గోడమీద రాసిపెట్టుకోవడమే మిగిలిన పని.

ఎవరూ లాక్కోలేదని తేలాక, అప్పుడు చూడవలసింది జత జ్ఞాపకం. రెండు పరికరాలు మొదటిసారి జత కట్టినప్పుడు, అంటే పెయిరింగ్ జరిగినప్పుడు, ఇద్దరికీ ఒకే తాళంచెవి తయారవుతుంది. ట్యాబు ఒక ప్రతి, కీబోర్డు ఒక ప్రతి దాచుకుంటాయి. ఆ తర్వాత కలిసినప్పుడల్లా ఆ రెండూ సరిపోవాలి. ట్యాబును రీసెట్ చేసినా, కీబోర్డును ఇంకొకరికి జత చేసినా ఒకవైపు చెవి పోతుంది లేదా మారిపోతుంది. రెండోవైపు మాత్రం పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే తెరమీద ‘పెయిర్డ్’ అని ఉంటుంది, కానీ కలవదు. ఆ మాట చూసి ‘అంతా బాగానే ఉంది కదా’ అనుకుని మళ్లీ మళ్లీ నొక్కడం వృథా. ట్యాబులో ఆ పేరు పక్కనున్న గుర్తు నొక్కి ‘ఫర్‌గెట్’ లేదా ‘అన్‌పెయిర్’ ఎంచుకోండి. ట్యాబును ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వేయండి, తెర ఆర్పితే చాలదు. తర్వాత కీబోర్డు మీది కనెక్ట్ బటన్‌ను, లేదా ఎఫ్‌ఎన్‌తో కలిపి బ్లూటూత్ గుర్తున్న బటన్‌ను, దీపం గబగబా కొట్టుకునేదాకా పట్టుకోండి. అప్పుడే అది కొత్తవారికి కనిపిస్తుంది. ఊరికే స్విచ్ వేసినంత మాత్రాన కనిపించదు.

ఇక్కడే చాలామంది చివరి మెట్టు మీద జారుతున్నారు. కొన్ని కీబోర్డులకు ట్యాబు తెరమీద ఆరంకెల సంఖ్య వస్తుంది. దాన్ని ట్యాబులో కొట్టడానికి చోటు వెతుకుతారు. కొట్టవలసింది కీబోర్డు మీద! తెర చూస్తూ కీబోర్డు మీద ఆ ఆరంకెలు కొట్టి ఎంటర్ నొక్కాలి. కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కదలకపోయినా ఆగవద్దు. ఆలస్యమైతే గడువు తీరి మళ్లీ మొదటికొస్తుంది.

మన హాస్టల్‌కు కీబోర్డు పంపాలనుకునే పూర్వ విద్యార్థులకు ఈ సందర్భంలోనే ఒక విన్నపం. పంపేముందు మీ ఫోనుతో, లాప్‌టాప్‌తో ఉన్న పాత జతలు తీసేయండి. చార్జింగ్ వైరు, డాంగిల్ ఉంటే డాంగిల్ అదే కవరులో పెట్టండి. జత చేయడానికి ఏ బటన్ పట్టుకోవాలో ఒక చీటీ మీద రాయండి. ఆ చీటీ విలువ ఇక్కడ కీబోర్డు విలువంత.

కలిసింది, కానీ అక్షరాలు మధ్యమధ్య ఎగిరిపోతున్నాయి, లేకపోతే ఒకే అక్షరం పదిసార్లు పడుతోంది. బటన్ వదిలిన కబురు దారిలో పోతే, ట్యాబు ఇంకా నొక్కే ఉన్నారనుకుంటుంది. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద. చాలా వైఫై పెట్టెలు, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా అదే వీధిలో తిరుగుతాయి. ఆ రద్దీలో నెగ్గుకురావడానికే మొదటినుంచి ఉన్న క్లాసిక్ బ్లూటూత్ 79 దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది. అందుకే మామూలు రద్దీకి అది లొంగదు. కానీ ఇనుము అడ్డుపడితే కష్టం. మనకు బల్ల ట్రంకుపెట్టే కదా! ట్యాబును పెట్టె వెనకో, ఇనుప మంచం కిందో పెట్టి కీబోర్డు ఒళ్లో పెట్టుకుంటే చిక్కొస్తుంది. రెండూ ఒకదానికొకటి కనబడేలా మూరెడు దూరంలో పెట్టండి. ట్యాబుకు యూఎస్‌బీ 3.0 హార్డుడిస్కు తగిలించి ఉంటే తీసి చూడండి. దాని నుంచి వచ్చే అలజడి కూడా సరిగ్గా ఈ తరంగాలనే చెరుపుతుంది.

వైరు కీబోర్డు గొడవ తక్కువ. పాత మైక్రో యూఎస్‌బీ ట్యాబుకు దాన్ని పెట్టాలంటే ఓటీజీ ముక్క కావాలి. మైక్రో యూఎస్‌బీలో 5 పిన్నులుంటాయి. ఓటీజీ ముక్కలో అందులో ఒకటి గ్రౌండుకు కలిపి ఉంటుంది, అది చూసే ట్యాబు ‘నేను యజమానిని, కరెంటు నేనివ్వాలి’ అని గ్రహిస్తుంది. మామూలు చార్జింగ్ వైరులో ఆ కలయిక ఉండదు. కాబట్టి మొన మార్చే ముక్కలు ఎన్ని తగిలించినా ఫలితం లేదు. కొన్ని పరికరాల్లో ఓటీజీని సెట్టింగుల్లో ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది కూడా. రంగురంగుల దీపాలున్న కీబోర్డు ఎక్కువ కరెంటు లాగి కలవకపోవచ్చు. సాదాది మేలు.

అట్టలాగా ట్యాబుకు అతుక్కునే కీబోర్డులు కొన్నింటికి జత కట్టే పనే లేదు, సెల్లులూ ఉండవు. 2015లో వచ్చిన ఐప్యాడ్ ప్రోలో ఇలాంటి అమరికకు మూడు చుక్కల్లాంటి లోహపు బిళ్లలు పెట్టారు. ఆ బిళ్లల మీద చెమట, తలనూనె, దుమ్ము పేరుకుంటే కలవదు. మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. బ్లేడుతో, పిన్నీసుతో గీకితే పూత పోతుంది, ఆ తర్వాత ఎవరూ చేయగలిగింది లేదు. ట్యాబుకు తొడిగిన మందపాటి కవరు వల్ల బిళ్లలు ఆనకపోవడం కూడా మామూలే.

అన్నీ సరే, కనెక్టెడ్ అని ఉంది, అక్షరం మాత్రం రాదు. అప్పుడు సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ చూడండి. ‘స్లో కీస్’ ఆన్ అయి ఉంటే బటన్‌ను కాసేపు అదిమి పట్టుకుంటేనే అక్షరం పడుతుంది. విండోస్ ట్యాబుల్లో కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే ఇలాంటిదే ‘ఫిల్టర్ కీస్’ ముందుకొస్తుంది. ఆలోచిస్తూ చెయ్యి షిఫ్ట్ మీద ఆనించేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. తెలుగు రాకపోవడం కూడా కనెక్షన్ తప్పు కాదు, భాష మార్చుకోవాలి. ఐప్యాడ్‌లో కంట్రోల్, స్పేస్. విండోస్‌లో విండోస్ బటన్, స్పేస్.

ఇంత చేసినా కాకపోతే రీసెట్ గుర్తొస్తుంది. రెండు రీసెట్లున్నాయి, తేడా తెలియాలి. నెట్‌వర్క్ లేదా బ్లూటూత్, వైఫై రీసెట్ అన్నది పాత జతలను, వైఫై పాస్‌వర్డులను మాత్రమే తుడిచేస్తుంది. ఫ్యాక్టరీ రీసెట్ అన్నీ తుడిచేస్తుంది. దాచుకున్న నోట్సు, స్కాలర్‌షిప్ కాగితాల ఫొటోలు, అన్నీ. కీబోర్డు కోసం ఆ రెండోది చేయడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టడమే. కొన్ని ట్యాబుల్లో అసలు ఈ సెట్టింగులే తెరుచుకోవు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబుల్లో పాఠాలు తప్ప వేరేవి నడవకుండా నియంత్రణ సాఫ్ట్‌వేర్ వేశారు. అలా తాళం వేసిన ట్యాబు బయటి పరికరాన్ని ఒప్పుకోకపోతే అది చెడిపోవడం కాదు. తాళం పగలగొట్టే చిట్కాలు చెప్పేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి.

కీబోర్డు మీద టీ ఒలికితే వెంటనే స్విచ్ ఆపి బోర్లించండి, పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టవద్దు. నడుము భాగం ఉబ్బి బల్లమీద ఊగుతుంటే లోపల లిథియం బ్యాటరీ ఉబ్బినట్టు. దాన్ని అదమకూడదు, గుచ్చకూడదు, ట్రంకులో దాచకూడదు. వాడకం ఆపి వార్డెన్ గారికి అప్పగించాలి. మేము మూలన పడేయమని చెప్పే కీబోర్డు ఇదొక్కటే.

వేసవి సెలవులకు వెళ్లేముందు లోపలి బ్యాటరీ ఉన్న కీబోర్డులను సగానికి పైగా చార్జి చేసి స్విచ్ ఆపండి. ఖాళీగా వదిలేస్తే జూన్‌లో దీపం కూడా వెలగదు. అలా నిద్రపోయినదాన్ని వెంటనే పోయిందనకుండా, ఒక గంటసేపు చార్జింగ్‌లో వదిలి అప్పుడు స్విచ్ వేయండి. సెల్లులు వేసేవాటిలోంచి సెల్లులు తీసి విడిగా కవరులో పెట్టండి, లోపలే ఉంటే రసం కారి స్ప్రింగులు తుప్పుపడతాయి. డాంగిల్ మళ్లీ దాని అరలోనే పెట్టాలి.