సిమ్యులేటర్‌లో ఒక గంట: పైలట్ కొలువుకు ముందు చెవికీ మెదడుకూ పరీక్ష

కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికొచ్చిన రోజు ఇంట్లో పండగే. కానీ లైసెన్సు వేరు, ఉద్యోగం వేరు. మన దేశంలో ఈ లైసెన్సుకు కనీసం 200 గంటల ఫ్లయింగ్ అనుభవం కావాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం సెస్నా 172 లాంటి ఒంటి ఇంజన్ విమానాల మీదే గడుస్తుంది. ఆ తర్వాత ఎయిర్‌లైన్ నుంచి పిలుపు వస్తే రాత పరీక్ష, మానసిక సామర్థ్య పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. చాలాచోట్ల సిమ్యులేటర్ చెక్ కూడా ఉంటుంది. అప్పు చేసి చదివించిన తల్లిదండ్రుల ఆశలు, అభ్యర్థి ఏళ్ల శ్రమ ఆ చీకటి పెట్టెలో గడిపే గంట దగ్గరికొచ్చి నిలుస్తాయి. అందుకే చాలామంది పాత ప్రశ్నల జాబితాలు సంపాదించి బట్టీ పడతారు. అది కొంతవరకే పనికొస్తుంది. సిమ్యులేటర్‌లో జరిగేది ఎక్కువగా భౌతికశాస్త్రం, శరీరధర్మశాస్త్రం. వాటికి బట్టీ పనిచేయదు.

ముందుగా ఆ పెట్టె సంగతి చూద్దాం. 1929లో అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ అనే యువకుడు ఒక ఫ్లైట్ ట్రైనర్‌ను తయారుచేశాడు. వాళ్ల కుటుంబానిది సంగీత వాద్యాలైన ఆర్గాన్లు చేసే ఫ్యాక్టరీ. ఆర్గాన్‌కు గాలినిచ్చే తోలుతిత్తులనే వాడి, చెక్క విమానం అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. జనం దాన్ని మొదట జాతర బొమ్మలాగే చూశారు. 1934లో అమెరికా సైన్యానికి టపా రవాణా బాధ్యత అప్పగించారు. చెడు వాతావరణంలో పైలట్లు వరుసగా చనిపోవడంతో సైన్యం ఆ ట్రైనర్లను కొన్నది. నేటి సిమ్యులేటర్ ఆరు హైడ్రాలిక్ లేదా విద్యుత్ కాళ్ల మీద నిలబడుతుంది. ఈ ఆరు కాళ్ల అమరికను 1950లలో ఎరిక్ గఫ్ టైర్లను పరీక్షించడానికి వాడాడు. 1965లో స్టీవర్ట్ ప్రచురించిన పరిశోధనా పత్రం వల్ల దానికి ‘స్టీవర్ట్ ప్లాట్‌ఫామ్’ అన్న పేరు స్థిరపడింది. హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నెలకొల్పిన సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో మన దేశపు పైలట్లు ఎందరో ఇలాంటి యంత్రాల మీదే శిక్షణ పొందారు.

ఆ కాళ్లు కదలగలిగేది కొద్ది అడుగులే. మరి రెండు కిలోమీటర్ల రన్‌వే మీద దూసుకెళ్తున్న అనుభూతి ఎలా వస్తుంది? ఇక్కడ యంత్రం మన లోపలి చెవిని మోసం చేస్తుంది. చెవిలో ఓటోలిత్‌లు అనే సన్నని సున్నపు రేణువుల పొర ఉంటుంది. తల వెనక్కి వాలినా, శరీరం ముందుకు వేగం పుంజుకున్నా ఆ పొర ఒకేలా వెనక్కి జరుగుతుంది. గురుత్వానికీ త్వరణానికీ తేడా చెప్పలేమని ఐన్‌స్టీన్ అన్న మాటను మన చెవి రోజూ రుజువు చేస్తూనే ఉంటుంది. టేకాఫ్ కోసం థ్రాటిల్ ముందుకు నెట్టగానే సిమ్యులేటర్ కాస్త ముందుకు కదులుతుంది. ఆ వెంటనే, మనకు తెలియనంత నెమ్మదిగా, సెకనుకు రెండు మూడు డిగ్రీలు మించకుండా వెనక్కి వాలుతుంది. తెర మీద రన్‌వే మాత్రం సమతలంగానే కనిపిస్తుంది. దాంతో ‘వేగం పెరుగుతోంది’ అని మెదడు తీర్మానిస్తుంది. 15 డిగ్రీలు వాలితే గురుత్వంలో నాలుగోవంతు బలం వీపును సీటుకు నొక్కుతుంది. నిజమైన టేకాఫ్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది.

ఇదే మోసం ఆకాశంలో తిరగబడితే ప్రాణాలు తీస్తుంది. రాత్రిపూట, బయట వెలుతురు లేనప్పుడు, ఇంజన్ల శక్తి ఒక్కసారిగా పెంచితే ముక్కు పైకి లేచిపోతోందని చెవి చెబుతుంది. పైలట్ దాన్ని నమ్మి ముక్కును కిందికి నెడతాడు. 2000 ఆగస్టు 23 రాత్రి బహ్రెయిన్‌లో గల్ఫ్ ఎయిర్ ఎయిర్‌బస్ ఎ320 ల్యాండింగ్ మానుకొని గో-అరౌండ్ చేస్తూ సముద్రంలో పడిపోయింది. 143 మంది మరణించారు. దర్యాప్తులో ఈ భ్రమ ప్రస్తావన వచ్చింది. కాబట్టి సిమ్యులేటర్ చెక్‌లో గో-అరౌండ్ చేయమన్నప్పుడు పరీక్షకుడు అభ్యర్థి కళ్ల మీద ఓ కన్నేసి ఉంచుతాడు. కృత్రిమ క్షితిజం వైపు చూస్తున్నాడా, ఒంటికి తోచినట్టు చేస్తున్నాడా అన్నదే ఆయనకు కావాల్సింది.

అంటే మొదట సాధన చేయాల్సింది చూపును. మధ్యలో కృత్రిమ క్షితిజం ఉంటుంది. అక్కడి నుంచి వేగానికి వెళ్లి మళ్లీ క్షితిజానికి రావాలి. ఎత్తుకు వెళ్లి మళ్లీ అక్కడికే. దిశకు వెళ్లి మళ్లీ అక్కడికే. ఒత్తిడి పెరిగేకొద్దీ చూపు ఏదో ఒక ముల్లుకు అతుక్కుపోతుంది. వేగం సరిచేస్తూ ఎత్తును వదిలేస్తాం, ఎత్తు సరిచేసేసరికి దిశ పోతుంది. 45 డిగ్రీల వాలుతో మలుపు తిప్పమనేది ఇందుకే. అంత వాలులో రెక్కలు మామూలు కంటే 41 శాతం ఎక్కువ లిఫ్ట్ ఇవ్వాలి. స్టాల్ అయ్యే వేగం కూడా 19 శాతం పెరుగుతుంది. ముక్కు కాస్త ఎత్తి, శక్తి కాస్త పెంచకపోతే విమానం దిగిపోతుంది. ఎందుకో తెలిసినవాడు చేయి ముందే కదుపుతాడు, తెలియనివాడు 200 అడుగులు పోగొట్టుకున్నాక కదుపుతాడు.

రెండోది వేగానికి అలవాటు పడటం. సెస్నా రన్‌వేకు దాదాపు 65 నాట్ల వేగంతో వస్తుంది. జెట్ విమానం దాదాపు 140 నాట్లతో వస్తుంది. రెండూ మూడు డిగ్రీల వాలులోనే దిగుతాయి. భూమితో పోల్చిన వేగాన్ని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. సెస్నాకు అది 325, జెట్‌కు 700. వెనక నుంచి పది నాట్ల గాలి ఉంటే 750. ఇంకా ఎంత దూరముందో తెలియాలంటే ఎత్తును వేల అడుగుల్లో తీసుకొని మూడుతో గుణించాలి. 6,000 అడుగులు కోల్పోవాలంటే 18 నాటికల్ మైళ్లు కావాలి. పక్కగాలి లెక్క కూడా ఇలాంటిదే. శంషాబాద్ 09 రన్‌వేకు 120 డిగ్రీల నుంచి 20 నాట్ల గాలి వీస్తోందంటే తేడా 30 డిగ్రీలు, అందులో సగం, అంటే పది నాట్లు పక్క నుంచి తగులుతుంది. ఈ లెక్కలు ఎవరికైనా వస్తాయి, కాగితం మీద. చేతులు విమానం నడుపుతుండగా, చెవిలో కంట్రోలర్ మాట్లాడుతుండగా రావడమే కష్టం. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేవి బహుశా ఏడు అంశాలకు కాస్త అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఆ కొద్ది చోటులో లెక్కకు కూడా స్థలం కావాలంటే మిగతావి అలవాటుగా మారిపోవాలి.

అందుకు ఖర్చు లేని సాధన ఒకటుంది. కాక్‌పిట్ బొమ్మను గోడకు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకొని, టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ప్రతి కదలికనూ, ప్రతి మాటనూ పైకి అంటూ చేయడం. ఇంట్లోవాళ్లకు వింతగానే ఉంటుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. క్రీడాకారులూ, శస్త్రచికిత్స నిపుణులూ ఈ మానసిక సాధననే నమ్ముకుంటారు. విసుగొచ్చేదాకా చేసినవారికి సిమ్యులేటర్‌లో మెదడు ఖాళీగా మిగులుతుంది.

ఇక ఇంటర్వ్యూ. ‘మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి బయలుదేరుతున్నారు, ఏం ఆలోచిస్తారు?’ అని అడగొచ్చు. విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. ప్రామాణిక వాతావరణం ప్రకారం అక్కడ 11 డిగ్రీలుండాలి. ఎండ 41 డిగ్రీలుంటే తేడా 30. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,600 అడుగులు కలుస్తాయి. అంటే విమానానికి తాను 5,600 అడుగుల కొండ మీద ఉన్నట్టే. గాలి పలచన, రెక్కకు లిఫ్ట్ తక్కువ, ఇంజన్‌కు ఊపిరి తక్కువ, రన్‌వే ఎక్కువ కావాలి. లేహ్‌కు విమానాలు ఎక్కువగా ఉదయమే ఎందుకు వెళ్తాయో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. నిర్వచనం అప్పజెప్పే అభ్యర్థికి రెండో ప్రశ్న దగ్గర నోరు ఆగిపోతుంది. కారణం పట్టుకున్నవాడు తనంతట తనే లేహ్ దాకా వెళ్తాడు.

అన్నిటికంటే బరువైన ప్రశ్న మరొకటుంది. ‘కెప్టెన్ తప్పు చేస్తున్నాడు. మీరు కొత్త ఫస్ట్ ఆఫీసర్. ఏం చేస్తారు?’ మంగళూరులో 2010 మే 22న జరిగిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ప్రమాదం గుర్తుంటే దీన్ని తేలిగ్గా తీసుకోలేం. విమానం ఉండాల్సినదానికంటే ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చింది. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయారు. గాఢ నిద్ర నుంచి లేచాక మెదడు కొంతసేపు మందకొడిగా ఉంటుంది. దాన్నే నిద్రమత్తు అంటున్నాం. గో-అరౌండ్ చేద్దామని ఫస్ట్ ఆఫీసర్ ఒకటికి రెండుసార్లు కాదు, మూడుసార్లు అన్నారు. ల్యాండింగ్ ఆగలేదు. 166 మందిలో ఎనిమిది మందే బతికారు. ‘గౌరవంగా చెబుతాను సార్’ అనే జవాబు ఆ గదిలో అందరూ వినీ వినీ విసిగినదే. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకు ఇది స్వభావం మీదే పరీక్ష. గమనించినది చెప్పాలి. తర్వాత ఏం చేయాలో చెప్పాలి. స్పందన రాకపోతే నియంత్రణ తీసుకోవాలి. ఏ ఎత్తు దగ్గర ఏ మెట్టు అన్నది ముందే మనసులో తేల్చుకొని ఉండాలి.

సిమ్యులేటర్‌లో ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతుంది, ఒక్కోసారి వేగసూచిక తప్పు చూపిస్తుంది. ఉలికిపాటుకు ఎవరూ అతీతులు కారు. 2009 జనవరి 15న హడ్సన్ నదిలో దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ విమానంపై దర్యాప్తు చేసినప్పుడు సిమ్యులేటర్‌లో ఆ ఘటనను మళ్లీ నడిపించారు. పక్షులు తగిలిన వెంటనే వెనక్కి తిప్పిన కొందరు రన్‌వే చేరగలిగారు. ఏం జరిగిందో గ్రహించడానికి 35 సెకన్లు కలిపి ప్రయత్నిస్తే విమానం చేరలేదు. పరీక్షకులకు ఈ సంగతి తెలుసు. అందుకే మొదటి మూడు సెకన్లలో స్విచ్చులు తడిమేవారిని చూసి మెచ్చుకోరు. రెక్కలు సమంగా, ముక్కు సరైన కోణంలో, శక్తి సరిపడా పెట్టి, ఆ తర్వాత పక్కవారితో ‘నాకు ఇది కనిపిస్తోంది, మీకు?’ అన్నవారిని గుర్తుపెట్టుకుంటారు.

చివరిగా ఒక చిన్న సంగతి, కానీ చాలామందికి దెబ్బ కొట్టేది. సిమ్యులేటర్లు ఖరీదైన యంత్రాలు, పగలూ రాత్రీ నడుస్తాయి. రాత్రి రెండింటికి స్లాట్ పడటం అరుదేమీ కాదు. రెండు నుంచి ఆరు గంటల మధ్య శరీర గడియారం అట్టడుగున ఉంటుంది. ఆ స్లాట్ వస్తే రెండు మూడు రోజుల ముందు నుంచే నిద్రను జరుపుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం పుస్తకం మూసి పడుకోవడం ఇంకో అధ్యాయం తిరగేయడం కంటే మేలు.

గంట ముగిశాక పరీక్షకుడు తరచుగా అడిగేది ఒకటే: ‘ఎలా చేశాననుకుంటున్నారు?’ బాగానే చేశానంటే సరిపోదు. ‘రెండో మలుపులో 150 అడుగులు పోగొట్టాను, వేగం మీదే చూపు ఉండిపోయింది, మూడోసారి సరిచేసుకున్నాను’ అని చెప్పగలిగితే ఆయన కలం కదులుతుంది. రెండు వందల గంటల అనుభవమున్న కుర్రాడు తప్పు చేస్తాడని ఆయనకు ముందే తెలుసు. ఆ తప్పు రెండోసారికి తగ్గిందా లేదా అన్నదే ఆయన కాగితం మీద రాసుకునేది.