రైడ్ కొనేముందు అడగవలసిన ప్రశ్నలు: వినోద పరిశ్రమ ప్రదర్శనకూ రాజిమ్ మేళాకూ మధ్య దూరం

రాయపూర్: మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే రాజిమ్‌లో ఏటా మాఘ పూర్ణిమ నుంచి మహాశివరాత్రి వరకు మేళా జరుగుతుంది. రాయపూర్‌కు సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని ఈ సంగమానికి రాజీవలోచన స్వామి దర్శనార్థం వచ్చిన కుటుంబాలు సాయంత్రమయ్యేసరికి మీనాబజారు వైపు మళ్లుతాయి. జెయింట్ వీల్, రంగులరాట్నం, పడవలా ఊగే ఊయల లేనిదే ఉత్తర, మధ్య భారతంలో మేళా పూర్తికాదు. ఇంచుమించు అదే రుతువులో, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ముంబయి గోరెగావ్‌లోని బాంబే ఎగ్జిబిషన్ సెంటర్‌లో వినోద ఉద్యానాల పరిశ్రమ తన వార్షిక ప్రదర్శనను నిర్వహించుకుంటుంది. ఒకచోట రైడ్ ఎక్కేవారు, మరొకచోట రైడ్ కొనేవారు. ఈ రెండు సమూహాలకు మధ్య పరిచయం ఎంత తక్కువో గమనిస్తే, ప్రమాదవార్తల్లో తరచూ కనిపించే ఒక లోపానికి మూలం అర్థమవుతుంది.

ముంబయి ప్రదర్శన నిర్వాహక సంస్థ భారత వినోద ఉద్యానాల, పరిశ్రమల సంఘం. ఐఏఏపీఐగా వ్యవహరించే ఈ సంఘం 1999లో ఏర్పడింది. అంతర్జాతీయంగా ఈ రంగానికి 1918లో మూలాలున్న ఐఏఏపీఏ పెద్ద దిక్కు. అమెరికాలోని ఓర్లాండోలో నవంబరులో జరిగే దాని ప్రదర్శనకు ప్రపంచవ్యాప్తంగా తయారీదారులు వస్తారు. మన దేశంలో ఢిల్లీ అప్పూఘర్ 1984లో, ముంబయి ఎస్సెల్‌వరల్డ్ 1989లో, కోల్‌కతా నిక్కో పార్క్ 1991లో మొదలయ్యాయి. హైదరాబాదులో వండర్‌లా 2016లో, ఛత్తీస్‌గఢ్‌కు పొరుగునున్న ఒడిశా రాజధాని భువనేశ్వర్‌లో 2024లో ప్రారంభమయ్యాయి. మహానగరాల తర్వాత ఈ పరిశ్రమ చూపు సహజంగానే రాయపూర్ వంటి నగరాలపై పడుతోంది. 2016లో నవా రాయపూర్‌లో ప్రారంభమైన జంగిల్ సఫారీ, అంతకు పదేళ్ల ముందు నాటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించిన పుర్ఖౌతీ ముక్తాంగన్ ఈ నగరానికి కుటుంబ విహారాన్ని అలవాటు చేశాయి. వాటర్ పార్క్‌కో, మాల్‌లో గేమ్ జోన్‌కో పెట్టుబడి సిద్ధం చేసుకున్న వ్యాపారి హావ్‌డా-ముంబయి మార్గంలో రైలెక్కి గోరెగావ్ చేరడంలో ఆశ్చర్యం లేదు.

అక్కడ అతడికి కనిపించేదేమిటి?

పెద్ద రైడ్ ప్రదర్శనశాలలో ఉండదు. దాని సీటు ఉంటుంది, నమూనా బొమ్మ ఉంటుంది, తెరపై వీడియో ఉంటుంది. చిన్నపిల్లల రైళ్లు, బంపర్ కార్లు, ట్రాంపొలీన్లు, టికెట్ యంత్రాల వంటివి మాత్రం నేరుగా పరీక్షించి చూడవచ్చు. రోలర్ కోస్టర్ విషయంలో కొనుగోలుదారు కూర్చుని చూసేది మెత్తటి ఆసనంలోనే. పునాది, వెల్డింగు, గేర్ పెట్టె, బ్రేకు అతడి కంటబడవు. ధర, థ్రిల్, రంగు, గంటకు ఎంతమంది ఎక్కుతారన్న లెక్క గురించి స్టాల్‌లోని విక్రేత ఉత్సాహంగానే చెబుతాడు. అడిగితే తప్ప చెప్పనివి వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది ప్రమాణం. రైడ్ ఏ ప్రమాణం ప్రకారం రూపొందింది? అమెరికాలో ఏఎస్‌టీఎం సంస్థకు చెందిన ఎఫ్24 కమిటీ 1978 నుంచి ఈ పని చేస్తోంది. ఐరోపాలో ఈఎన్ 13814, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17842 ఉన్నాయి. భారత ప్రమాణాల సంస్థ సైతం రైడ్‌ల భద్రతకు ఐఎస్ 15475ను, వాటర్ పార్కుల నీటి నాణ్యతకు ఐఎస్ 15492ను 2004లోనే వెలువరించింది. అయితే ఇలాంటి ప్రమాణాలు వాటంతటవే చట్టబద్ధంగా తప్పనిసరి కావు. ఏదైనా చట్టమో, నియమమో, అనుమతిపత్రమో వాటిని పేర్కొన్నప్పుడే వాటికి బలం వస్తుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మేళాలు, సంతలు రాష్ట్ర జాబితా 28వ అంశం కింద, వినోదాలు 33వ అంశం కింద ఉన్నాయి. కాబట్టి ఒకే యంత్రం సరిహద్దు దాటి మరో రాష్ట్రంలో నిలబడితే దాన్ని పరిశీలించే విధానమూ మారిపోవచ్చు.

భాష కూడా ఈ అస్పష్టతకు కొంత తోడ్పడుతుంది. హిందీలో ‘ఝూలా’ అన్న ఒక్క మాట చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలకూ, ఆకాశమంత ఎత్తున తిరిగే ఉక్కు చక్రానికీ సరిపోతుంది. తెలుగులో ‘రాట్నం’ నూలు వడికేదీ కావచ్చు, పిల్లల్ని తిప్పేదీ కావచ్చు. పేరులో ఇంత సాధుత్వం ఉన్న వస్తువును యంత్రంగా, అందులోనూ మనుషులను మోసే యంత్రంగా చూడటం అంత సులభం కాదు.

బరువు లెక్క

ఊగే రైడ్‌నే తీసుకుందాం. భుజం నేలకు సమాంతరంగా వచ్చేదాకా ఎగసి కిందికి దిగితే, అత్యంత దిగువ బిందువు వద్ద కూర్చున్న వ్యక్తికి తన బరువు మూడింతలైనట్లు అనిపిస్తుంది. ఘర్షణను పక్కనపెడితే, 60 కిలోల మనిషిని ఆ క్షణంలో సీటు 180 కిలోల భారంగా మోస్తుంది. ఇరుసు మీద పడేది అందరి భారంతోపాటు ఆ భుజం భారం కూడా. మరుక్షణమే అది తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఒక ఆటలో ఇరవై ఊపులు, రోజుకు నలభై ఆటలు అనుకుంటే పదిహేను రోజుల మేళాలో 12,000 సార్లు. ఒక్కసారి మోయగలిగిన ఉక్కు, వేల సార్లు మోసేసరికి వెల్డింగు అతుకు దగ్గరో, బోల్టు రంధ్రం అంచునో వెంట్రుకవాసి పగులు వేయవచ్చు. లోహశాస్త్రంలో దీన్ని ‘అలసట’ అంటారు. రంగు వేసిన భాగంపై అది కంటికి కనిపించదు. అల్ట్రాసోనిక్ తరంగాలతోనో, పగులులోకి ఇంకే రంగుద్రవంతోనో, అయస్కాంతపు పొడితోనో వెతకాలి. అందుకే స్టాల్ దగ్గర అడగవలసిన రెండో ప్రశ్న ఇది: ఏ భాగాన్ని, ఎన్ని గంటల వాడకం తర్వాత, ఏ పద్ధతిలో పరీక్షించాలి? ఆ వివరాలున్న నిర్వహణ పుస్తకం ఇక్కడి మెకానిక్ చదవగలిగే భాషలో ఉందా? విడిభాగం కావాలంటే ఎన్ని వారాలు పడుతుంది? వారాల జవాబు వస్తే, సీజను మధ్యలో స్థానిక వెల్డరే దిక్కవుతాడు.

శాశ్వత పార్కుకు కనీసం కాంక్రీటు పునాది ఉంటుంది. ఊరూరా తిరిగే రైడ్‌ను ప్రతి మేళాకూ విప్పి, లారీకెక్కించి, మళ్లీ బిగిస్తారు. బిగించిన ప్రతిసారీ ఒక బోల్టు వదులుగా మిగిలిపోయే అవకాశముంది. నదీగర్భపు ఇసుక వంటి నేలపై ఆధారం ఒకవైపు అంగుళం దిగబడినా చక్రం ఇరుసుపై భారం ఒక పక్కకు ఒరుగుతుంది. నిజానికి ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇలాంటి యంత్రానికే. కానీ ప్రదర్శనలో స్టాళ్లూ, సదస్సులూ పార్కుల యజమానులను ఉద్దేశించినవి. ఊరూరా తిరిగే ఝూలావాలాకు అవి అందుబాటులో లేవనడం అన్యాయం కాదు. హైదరాబాదు నుమాయిష్ జనవరి 1న మొదలై 46 రోజులు నడుస్తుంది. ఆ వెంటనే మాఘ మేళాలు, శివరాత్రి జాతరలు. గోరెగావ్‌లో సదస్సు జరిగే రోజులు అతడికి ఏడాదిలో అత్యధిక ఆదాయమిచ్చే రోజులు.

ఫలితాలు రికార్డుల్లో ఉన్నాయి. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియా వద్ద ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు, సుమారు 30 మంది గాయపడ్డారు. 2022 సెప్టెంబరులో మొహాలీలోని ఒక సంతలో ఎత్తునుంచి రైడ్ కుప్పకూలి పలువురు గాయపడ్డారు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదంలో 27 మంది చనిపోయారు. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం లేదు. మొదటి రెండూ యంత్రానికి సంబంధించినవి, మూడోది భవనానికి. మాల్‌లో గేమ్ జోన్ పెట్టదలచినవారు యంత్రాల జాబితా కంటే ముందు బయటికి వెళ్లే దారుల సంఖ్యను లెక్కించవలసి ఉంటుంది.

రాయపూర్‌కు మరీ దగ్గరి సమస్య నీరు. మే చివర ‘నౌతపా’గా పిలిచే తొమ్మిది రోజుల ఎండలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. వాటర్ పార్కులకు జనం పోటెత్తేది అప్పుడే. కానీ నీటిలోని క్లోరిన్ ఎండకు, వేడికి వేగంగా తరిగిపోతుంది. స్నానానికి దిగేవారు పెరిగేకొద్దీ మరింత తరుగుతుంది. ఉదయం ఒకసారి కొలిచి రిజిస్టరులో రాసిన అంకె మధ్యాహ్నానికి పనికిరాదు. వడపోత సామర్థ్యాన్ని సగటు రోజు రద్దీకి కాక నౌతపా ఆదివారం రద్దీకి లెక్కవేసి కొనాలి. అది ఖర్చుతో కూడిన పని. ప్రవేశ రుసుముపై జీఎస్టీ 2018 జనవరి 25 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గినా, వానాకాలంలో ఖాళీగా ఉండే వ్యాపారంలో కోత మొదట నిర్వహణపైనే పడుతుంది.

టికెట్ కొన్నవారు సైతం కొన్ని విషయాలు స్వయంగా చూడవచ్చు. తయారీదారు పేరు, క్రమసంఖ్య, గరిష్ఠ ప్రయాణికుల సంఖ్య ఉన్న లోహపు పలక రైడ్‌పై ఉందా, ఎత్తు కొలిచే కర్రను నిజంగా వాడుతున్నారా, సీటు అడ్డుకడ్డీని ఆపరేటరు స్వయంగా లాగి చూస్తున్నాడా, అత్యవసరంగా ఆపే ఎర్ర బొత్తాం అతడి చేతికి అందేంత దూరంలో ఉందా అన్నవి వరుసలో నిలబడే కనిపిస్తాయి. రోజూ మొదటి ఆటకు ముందు రైడ్‌ను ఖాళీగా తిప్పి చూడటం భద్రతా నియమాల్లో అతి సాధారణమైనది. మేళా మైదానంలో అది జరిగిందో లేదో తెలుసుకోవాలంటే జనం రాకముందే అక్కడికి వెళ్లాలి. తనిఖీ అధికారి వెళ్లవలసిన వేళ కూడా అదే.