ఎడ్లు విప్పాలా, వద్దా?

వాంకూవర్లో తొమ్మిది నెలలు వాన, మూడు నెలలు ప్రయాణాలు! జూన్ నెలాఖరుకి స్కూళ్ళు మూసేస్తారో లేదో, సర్రీలోనూ, బర్నబీలోనూ మన వాళ్ళ ఇళ్ళ ముందు ట్రైలర్లు ప్రత్యక్షమవుతాయి. పిల్లలూ, ఈ ట్రైలర్ అంటే సినిమాకి ముందు చూపించేది కాదు. ట్రక్కు వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ అందులోనే ఉంటాయి.

మేము కూడా ఇరవై రెండు అడుగుల సెకండ్ హ్యాండ్ ట్రైలర్ ఒకటి కొన్నాం. రెండేళ్ళ క్రితం ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడు, ఆగస్టులో అందరం కలిసి దాంట్లో రాకీ పర్వతాలు చూడటానికి బయల్దేరాం. ఆ ప్రయాణంలో మా ఇంట్లో మొదలైన ఒక వాదన గురించే ఈ వ్యాసం. దారిలో ఒక్క రాత్రి ఆగినప్పుడు ట్రక్కు నుంచి ట్రైలర్‌ని విడదీయాలా, తగిలించే ఉంచి పడుకోవాలా? చిన్న ప్రశ్నే! కానీ దాని వల్ల ఆ రాత్రి నా గుండె ఆగినంత పనయింది.

నాన్నగారి సందేహం

శనివారం పొద్దున్నే సర్రీలో బయల్దేరి, హోప్ దాటి, 1,244 మీటర్ల ఎత్తున్న కొకహాలా ఘాట్ ఎక్కి దిగాం. కామ్లూప్స్‌లో ఆగి, అమ్మ చేసిచ్చిన పులిహోర తిన్నాం. అక్కడి నుంచి సామన్ ఆర్మ్, సికమూస్ మీదుగా వెళ్ళి, సాయంత్రానికి క్రెగలాకీ చేరాం. 1885 నవంబరు 7న కెనడియన్ పసిఫిక్ రైలు మార్గానికి ఆఖరి మేకు కొట్టింది ఈ ఊళ్ళోనే. పిల్లల్ని ఆ స్మారక చిహ్నం దగ్గర నిలబెట్టి ఫొటోలు తీసి, దగ్గర్లోనే ఒక క్యాంపు గ్రౌండులో ఆగాం.

మాకు ఇచ్చింది పుల్ త్రూ సైటు. అంటే ఒక వైపు నుంచి లోపలికి వెళ్ళి, రివర్స్ చెయ్యకుండానే రెండో వైపు నుంచి బయటికి వచ్చెయ్యొచ్చు. నేల మరీ సమంగా లేదు కానీ, ఒక్క రాత్రికి ఫరవాలేదనుకున్నాను.

నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఏరా, ఎడ్లు విప్పవా?" అన్నారు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న కుర్రతనంలో మా తాతగారితో పాటు ఎడ్లబండి తోలుకుని ధాన్యం వేసుకెళ్ళినవారు. ఆయన దృష్టిలో ట్రక్కు ఎడ్ల జత, ట్రైలర్ బండి, రెంటినీ కలిపే హిచ్ కాడి. రాత్రికి ఆగిన బండికి ఎడ్లను విప్పకపోవటం ఆయనకి వింతగా ఉంది.

"ఇవి అలిసిపోయే ఎడ్లు కాదు నాన్నా! పొద్దున్నే వెళ్ళిపోతాం కదా. విప్పటానికి ఇరవై నిమిషాలు, మళ్ళీ కట్టటానికి ఇరవై నిమిషాలు ఎందుకు దండగ?" అన్నాను.

మా ఆవిడ కూడా నాన్న వైపే. "ఏవండీ, అడవుల్లో మంటల పొగ ఇక్కడి దాకా వస్తోంది. వాడికి అసలే ఉబ్బసం. రాత్రి వేళ అవసరమైతే ట్రక్కు చేతికి అందేలా ఉంటే మంచిది కదా" అంది.

"తగిలించి ఉంటేనే నయం. ఏదైనా అయితే తాళం తిప్పి వెళ్ళిపోవటమే" అన్నాను నేను. ఈ ఒక్క మాటా గుర్తుంచుకోండి.

అలా అని ట్రైలర్‌ని ప్రయాణానికి సిద్ధంగా ఉంచానా? లేదు! నాలుగు మూలలా జాకీలు దించాను. నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం, కరెంటు తీగ పెట్టాను. అమ్మకి ఎండ తగలకుండా పందిరి విప్పాను. కుర్చీలు, బల్ల, పిల్లల సైకిళ్ళు బయట పరిచాం. చక్రాలకి అడ్డం పెట్టే చాక్స్ మాత్రం తీయలేదు. ట్రక్కు తగిలించే ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

రాత్రి ఒంటిగంట

మా ఏడేళ్ళ వాడు దగ్గుతూ లేచాడు. ఇన్హేలర్ ఇచ్చాం. తగ్గలేదు. డాక్టరు రాసిచ్చిన ప్రకారం మళ్ళీ ఇచ్చాం. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. రెండు ముక్కలు మాట్లాడాలన్నా ఆగిపోతున్నాడు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఆసుపత్రి ఉన్న రెవెల్‌స్టోక్ అక్కడికి సుమారు 45 కిలోమీటర్లు.

తాళం తిప్పి వెళ్ళిపోదామని ట్రక్కు దగ్గరికి పరిగెత్తాను. అప్పుడు తెలిసింది నా మాటలో ఎంత పస ఉందో! కదులుతున్న ట్రైలర్లో మనుషులు ఉండకూడదు. లోపల అమ్మా, నాలుగేళ్ళ పాపా పడుకుని ఉన్నారు. వాళ్ళని లేపాలి, జాకీలు ఎత్తాలి, పందిరి చుట్టాలి, గొట్టాలు పీకాలి. చీకట్లో అరగంట పని. ఇంతకంటే ట్రక్కుని విడదీయటమే తొందరగా అవుతుందనుకున్నాను.

కంగారులో చేతికి ఏది అందితే అది విప్పేశాను. ముందు రెండు గొలుసులు, తరవాత తీగలు, బార్లు. మూలల జాకీలు ఉంటే ముందువైపు సరిగా లేవదని వాటినీ ఎత్తేశాను. హిచ్ గొళ్ళెం తీసి ముందు జాకీ తిప్పుతుంటే వెనక నుంచి నాన్న గొంతు వినపడింది.

"ఒరేయ్, చక్రానికి రాయి పెట్టావా?"

నేను జవాబు చెప్పేలోపే ట్రైలర్ హిచ్ బంతి మీద నుంచి లేచింది, లేస్తూనే వెనక్కి కదిలింది. జాకీ కాలు కంకరలో గీసుకుంటూ పోతోంది. లోపల అమ్మా, పాపా! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాన్న మాత్రం నెగడు పక్కనున్న కట్టె దుంగని కాలితో చక్రం వెనక్కి తోశారు. బండి దాని మీదికి సగం ఎక్కి, ఆగింది. కదిలింది మహా అయితే మూరెడు దూరం. ఆ మూరెడు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

డెబ్భై రెండేళ్ళ మనిషి కదులుతున్న రెండు టన్నుల బండి చక్రం దగ్గర కాలు పెట్టటం ఎంత ప్రమాదమో తరవాత తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. దయచేసి అలా ఎవరూ చెయ్యకండి. ఆ అవసరం రాకుండా చూసుకోవలసింది నేను.

రెండో చక్రానికి కూడా అడ్డం పెట్టి, నాన్నని అమ్మకీ పాపకీ తోడు ఉంచి, మేమిద్దరం వాణ్ణి తీసుకుని బయల్దేరాం. రెవెల్‌స్టోక్ చేరేసరికి రెండున్నర. ఆక్సిజన్ పెట్టి, మందులిచ్చి, తెల్లవారే దాకా కనిపెట్టుకుని చూశారు. ఆరింటికి వాడు "అమ్మా, ఆకలి" అన్నప్పుడు మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది.

అసలు తప్పు ఎక్కడ?

మధ్యాహ్నం తిరిగి వచ్చాక నాన్నా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. "మేము బండి ఆపితే ముందు చక్రాలకి రాయి, తరవాత నొగ కింద పోటు కర్ర, ఆ తరవాతే కాడి దింపటం. ఎద్దు పక్కకి జరిగే ముందే బండి తన కాళ్ళ మీద తను నిలబడాలి" అన్నారాయన. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను!

పైగా ట్రైలర్‌కి హ్యాండ్ బ్రేకు ఉండదు. బ్రిటిష్ కొలంబియాలో 1,400 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలని నిబంధన. కానీ మా లాంటి ట్రైలర్లలో ఆ బ్రేకులు డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు ట్రక్కు నుంచి వచ్చే కరెంటుతో పనిచేస్తాయి. విడదీసి నిలబెట్టిన బండిని పట్టి ఉంచేవి చక్రాల కింద దిమ్మలే.

ఇంతకీ విప్పటం మంచిదా, విప్పకపోవటం మంచిదా? రెండూ మంచివే. నా తప్పు ఈ రెండింటికీ మధ్యలో ఉండిపోవటం. తగిలించీ ఉంది, కదలటానికీ వీల్లేదు! తగిలించి ఉంచితే నిజంగా అయిదు నిమిషాల్లో కదిలేలా ఉండాలి. కాపురం పెట్టేటట్టయితే ట్రక్కు పూర్తిగా విడిగా ఉండాలి. అది వెలుగు ఉండగానే తేల్చుకోవాలి. రాత్రి ఒంటిగంటకి కాదు.

తగిలించే ఉంచాలనుకుంటే

ఒక్క రాత్రి మజిలీ, పుల్ త్రూ సైటు, సమమైన నేల. ఈ మూడూ ఉంటే హాయిగా తగిలించి ఉంచండి. రోజంతా బండి తోలి అలిసిపోయిన మనిషి హిచ్‌తో కుస్తీ పట్టకపోవటమే క్షేమం. ట్రక్కు ముఖం బయటికి వెళ్ళే దారి వైపు ఉండాలి. పార్కింగ్ బ్రేకు వెయ్యండి. ట్రైలర్ చక్రాలకి చాక్స్ పెట్టండి. కరెంటు తీగ తప్ప ఇంకేదీ బయట పెట్టకండి, జాకీలు దించకండి. మనుషులు నడిస్తే ఇల్లు కాస్త ఊగుతుంది, ఊయల అనుకోండి! ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్య ఉన్న ప్లగ్గు రాత్రికి పీకేయండి. కొన్ని ట్రక్కుల్లో ట్రైలర్ లైట్లు, ఫ్రిజ్ కలిసి ట్రక్కు బ్యాటరీని తాగేస్తాయి. పొద్దున బయల్దేరే ముందు మళ్ళీ పెట్టటం మాత్రం మర్చిపోకండి. బ్రేకులకి కరెంటు అందులోంచే వెళ్ళాలి.

విప్పాలనుకుంటే

రెండు రాత్రులు ఉండాలన్నా, నేల ఏటవాలుగా ఉన్నా, ఇంట్లో ఉబ్బసం, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్ళున్నా విప్పటమే మేలు. గ్యాసు మీద నడిచే పాతకాలపు ఫ్రిజ్‌లు బండి సమంగా లేకపోతే సరిగా చల్లబడవు కూడా. వరస ఇదీ:

1. ఎడమ, కుడి పక్కలు సమం చెయ్యండి. పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద పలకలు వేసి ఎక్కించండి. ఇది ట్రక్కు ఉన్నప్పుడే చెయ్యాలి.

2. రెండు పక్కలా చక్రాలకి ముందూ వెనకా చాక్స్ బిగించండి.

3. ముందు జాకీని దించి, గట్టి పలక మీద ఆనించండి. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా హిచ్ మీద ఉంటుంది. మా 2,300 కిలోల బండికి అది 230 నుంచి 345 కిలోలు. ఆ బరువంతా ఇప్పుడు జాకీదే.

4. బరువు సర్దే బార్లుంటే వాటిని తీయండి. తరవాత గొళ్ళెం తీసి, జాకీతో ట్రైలర్‌ని హిచ్ బంతి మీద నుంచి లేపండి.

5. గొలుసులు, తీగలు అన్నిటికంటే ఆఖరున. బండి కదలకుండా నిలబడిందని తేలాకే వాటి మీద చెయ్యి వెయ్యాలి.

6. ట్రక్కు ముందుకి తీశాక మూలల జాకీలు, పందిరి, కుర్చీలు.

మళ్ళీ కట్టేటప్పుడు ఇదే వరస కింది నుంచి పైకి. చాక్స్ తీయటం అన్నిటికంటే ఆఖరి పని.

పిల్లలూ, ఇది మీ పని!

ఇప్పుడు మా ఇంట్లో చాక్స్ ఇన్‌స్పెక్టరు మా పాప. దూరంగా నిలబడి, "రాయి పెట్టావా నాన్నా?" అని అడుగుతుంది. నేను వేలుపెట్టి చూపించి, "పెట్టానమ్మా" అనే దాకా మిగతా పని మొదలవదు. మా వాడిది టార్చిలైటు డ్యూటీ. మీరూ అమ్మానాన్నల్ని అడగండి. కానీ ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్యకి మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి, బంతి దాని కింద పడ్డా సరే!

మేము రెండు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకుని, డాక్టరు సరేనన్నాక రోజర్స్ పాస్ మీదుగా బాన్ఫ్ వెళ్ళాం. 1962లో ట్రాన్స్ కెనడా హైవేకి ప్రారంభోత్సవం చేసిన ఆ కనుమ దగ్గర నాన్న చాలాసేపు కొండల్ని చూస్తూ నిలబడ్డారు. దారి పొడుగునా ప్రతి మజిలీలోనూ చాక్స్ ఆయనే పెట్టారు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు ఆయన మళ్ళీ ఊళ్ళోనే ఉన్నారు. మేము ఎక్కడికైనా ప్రయాణమని ఫోన్లో చెబితే, ఏ ఊరు, ఎంత దూరం అని అడగరు. "ఎడ్లు విప్పటం, విప్పకపోవటం నీ ఇష్టంరా. రాయి మాత్రం మర్చిపోకు" అంటారు.

మీకూ అదే చెబుతున్నాను. శుభప్రయాణం!